స్వేచ్ఛల్లో ఒక్కటే మిగలాలంటే ఏది? వక్తృత్వ పోటీకి పాయింట్లు కావాల

కపిలతీర్థం వాన:

తిరుపతిలో డిగ్రీ పిల్లలకి వక్తృత్వ పోటీ పెడతా ఉండాం. మనిషికుండే స్వేచ్ఛల్లో ఒక్కటే మిగుల్చుకోమంటే ఏది, ఎందుకు అనేది అంశం. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు. ఇట్లాంటిదిస్తే పిల్లోళ్లు పంజరంలో చిలకతో ఎత్తుకుని గాంధీతాత దగ్గర దించేస్తారు. చట్టం తెలిసినోళ్లు ఎవరన్నా గట్టి పాయింట్లు చెప్తే ముందే ఒక పేజీ కొట్టించి పంచుతాం.

నా మటుకు నాకు మాట్లాడే స్వేచ్ఛే పెద్దది. అడగందే అమ్మయినా పెట్టదు. నోరు కట్టేస్తే మిగతావి పోయాయని చెప్పుకునేదానికి కూడా ఉండదు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

కోర్టు మెట్లు:

అన్నా, అడిగేదానికి ముందు మనిషి బయట ఉండాల గదా. నా ఓటు శరీర స్వేచ్ఛకి. కారణం చెప్పకుండా, గడువు లేకుండా ఎవరూ నన్ను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టకూడదు.

ఈ వరస నేను పెట్టింది కాదు, రాజ్యాంగంలోనే ఉంది. మాట్లాడే స్వేచ్ఛ 19వ అధికరణంలో వస్తుంది. యుద్ధమో బయటి దాడో అని ఎమర్జెన్సీ పెడితే అది పక్కకి పోతుంది. 20, 21 అధికరణాల (శిక్ష వేసేటప్పటి రక్షణలు, ప్రాణం, శరీర స్వేచ్ఛ) అమలును మాత్రం ఏ ఎమర్జెన్సీలోనూ ఆపేదానికి లేదు. మొదట్లో ఈ తేడా లేదు. 1975 జూన్ 25 నాటి ఎమర్జెన్సీలో వేలమందిని లోపలేశారు. వాళ్లకి హెబియస్ కార్పస్ (పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందు నిలబెట్టమనే అర్జీ) వేసుకునే హక్కు కూడా లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4-1తో తేల్చింది. కాదన్న ఒక్క జడ్జి హెచ్.ఆర్. ఖన్నా. మరుసటేడు ఆయన్ని దాటేసి ఆయనకన్నా జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు, ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఆ దెబ్బ తిన్నాకే 1978లో 44వ సవరణ చేసి 20, 21 చుట్టూ కంచె వేశారు. ఆ పాత తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో గోప్యత హక్కు కేసులో ఒప్పుకుంది. ఆరు నిమిషాల్లో రెండు నిమిషాలకి ఇదొక్కటి సరిపోతుంది.

21వ అధికరణం రాసేటప్పుడే గొడవైంది. "చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారం" అని పెట్టారు. అంటే ఏదో ఒక చట్టం ఉంటే చాలు, అది న్యాయమైందా అని కోర్టు అడిగే దారి మూసుకుపోయినట్టే. ఆ లోటు కొంతన్నా పూడ్చాలని అంబేద్కర్ 1949 సెప్టెంబరులో తెచ్చిందే ఇప్పటి 22వ అధికరణం. ఎందుకు పట్టుకున్నారో చెప్పాల, వకీలుని కలవనీయాల, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాల. (తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ కూడా ఆ రాజ్యాంగ సభలో సభ్యుడే. పోస్టరు మీద వేసుకోండి, పిల్లలకి మనూరి పేరు తగిలితే చెవి నిలబడుతుంది.) 1950లో ఏ.కె. గోపాలన్ కేసులో ఇరుకు అర్థమే గెలిచింది. పద్ధతి సబబుగా, న్యాయంగా కూడా ఉండాలని కోర్టు చేత అనిపించేదానికి 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసు దాకా 28 ఏళ్లు పట్టింది.

నన్ను ఓడించాలంటే ఒక దారుంది, అదీ చెప్పేస్తా. ఇదే ప్రశ్నకి అంబేద్కర్ జవాబు వేరు. 1948 డిసెంబరు 9న ఆయన 32వ అధికరణాన్ని ఎంచుకున్నాడు. హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే హక్కు అది. అది లేకుంటే రాజ్యాంగమే లేనట్టు, దాని ఆత్మ, గుండె అదే అన్నాడు.

కపిలతీర్థం వాన:

బాగుండాది గానీ పిల్లలకి ఇదంతా పుస్తకం మాటగా మిగిలిపోతుంది. రాత్రి పదకొండుకి ఫోనొచ్చి "మావాణ్ణి తీసుకుపోయారు" అంటే ఆ 24 గంటల్లో ఇంట్లోవాళ్లు చేయాల్సిందేంది?

కోర్టు మెట్లు:

అరెస్టా, నోటీసా, "ఊరికే మాట్లాడి పంపిస్తాం" అనేదా, ముందు అది తేల్చుకోవాల. మూడోదానికి చట్టంలో పేరే లేదు, తిప్పలన్నీ అక్కడే.

2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ అనే పాత నేర విచారణ చట్టం పోయి నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పాత నంబర్లు చెప్తే స్టేషన్లో రైటరు కూడా నవ్వుతాడు. ఏడేళ్ల దాకా శిక్షపడే నేరాలకి ముందు చూడాల్సింది 35(3) నోటీసు (అరెస్టు చేయకుండా విచారణకి రమ్మనేది), అంటే పాత 41ఏ. నోటీసుకి హాజరవుతా ఉన్నవాణ్ణి పట్టుకోవాలంటే ఎందుకో కాగితం మీద రాసిపెట్టాల. అరెస్టే అయితే 36 కింద మెమో ఉండాల. అందులో తేదీ, టైము, ఇంట్లోవాళ్లదో వీధిలో పెద్దమనిషిదో ఒక సాక్షి సంతకం, పట్టుబడినవాడి సంతకం. ఇంటికి కబురు చేయడం 48 కింద వాళ్ల బాధ్యత.

మతలబు జరిగేది ఆ టైము దగ్గరే. రాత్రి పదికి తీసుకుపోయి, మెమోలో మర్నాడు సాయంత్రం నాలుగుకి బస్టాండు దగ్గర దొరికాడని రాసుకుంటే, కాగితం లెక్కలో 24 గంటలు అప్పుడే మొదలవుతాయి. దీనికి విరుగుడు టైము ముద్ర పడే కబురు. వెనక టెలిగ్రాం కొట్టేవాళ్లు, దాని మీద గంటా నిమిషం పడేది. 2013 జులైలో అది ఆగిపోయింది. ఇప్పుడు వెంటనే 112కి ఫోను, ఆ రాత్రికే ఎస్పీ ఆఫీసుకి ఈమెయిలు, తెల్లారి మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ. ఎవర్ని, ఎక్కణ్ణుంచి, ఎన్నిటికి, ఏ బండిలో తీసుకుపోయారు, చూసిందెవరు, అంతే రాయాల. తిట్లు, పార్టీ గొడవలు అందులో వద్దు. స్టేషన్ సీసీ కెమెరా రికార్డు చెరిపేయకుండా ఉంచమని కూడా అదే అర్జీలో అడగాల. 2020 డిసెంబరు సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం రికార్డు 18 నెలలు దాచాల, యంత్రానికి అంత శక్తి లేకుంటే కనీసం ఏడాది. ఆలస్యంగా అడిగితే ఆ రోజు కెమెరా పనిచేయలేదనే జవాబుకి సిద్ధపడాల్సిందే.

ప్రయాణం టైము 24 గంటల్లో కలపరు. చెన్నైలో పట్టుకుని తిరుపతికి తెస్తే ఆ మూడు నాలుగు గంటలు తీసేస్తారు. ఆదివారమనో పండగ సెలవనో చెప్తే చెల్లదు, మేజిస్ట్రేటు ఇంటికే తీసుకుపోవాల. అక్కడ మనవాడు నోరు తెరవాల. దెబ్బలుంటే, టైము తప్పు రాసుంటే అప్పుడే చెప్పాల. వారం తర్వాత చెప్తే వకీలు నేర్పించాడంటారు. (ఇక్కడ మాత్రం నీ మాట్లాడే స్వేచ్ఛకి ఒక మార్కు వేస్తా అన్నా.) వకీలుకి డబ్బుల్లేకుంటే 15100కి ఫోను చేయండి. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలునివ్వాలని 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను చెప్తుంది.

24 దాటినా మనిషి జాడ లేకుంటే రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతి హైకోర్టులో హెబియస్ కార్పస్. తల్లి, పెళ్లాం, స్నేహితుడు, ఎవరు వేసినా తీసుకుంటారు. రిమాండు పడిపోయాక వేస్తే మామూలుగా నిలబడదు, అప్పటికి దారి బెయిలే. ఈ సంగతి తెలీక ఫీజులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

స్వర్ణముఖి:

ఇద్దరూ పోలీసుల్నే చూస్తా ఉండారు. ఆడపిల్లకి తాళమేసేది స్టేషనోళ్లు కాదన్నా, ఇంట్లోవాళ్లు. ఎవరితో బతకాలో తనే తేల్చుకునే స్వేచ్ఛకి నా ఓటు. 22వ అధికరణం సర్కారు తాళానికి పనికొస్తుంది గానీ నాయన వేసిన తాళానికి కాదు.

పేజీలో వేసుకునేదానికి లెక్కలు ఇస్తా. 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లికి అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాల. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసరుకి నోటీసివ్వాల. అది ఆఫీసు గోడకి అంటిస్తారు, 30 రోజులు అభ్యంతరాలకి గడువు. ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో పెళ్లి. నోటీసిచ్చిన మూడు నెలల్లోపు కాకుంటే మళ్లీ మొదటికి. వయసు చాలకపోవడం, ముందే పెళ్లయి ఆ జోడీ బతికుండటం, మతిస్థిమితం, దగ్గరి రక్తసంబంధం, అభ్యంతరమంటే ఇవే. కులం గానీ, అమ్మానాన్నల ఒప్పుకోలు గానీ ఆ చట్టంలో ఎక్కడా లేవు. పనిచెడేది ఆ నెల రోజుల్లోనే. గోడ మీది కాగితం చూసినోళ్లెవరో ఇంట్లో చెప్తారు, పిల్లని ఊరు దాటిస్తారు. రెండో గండం టెన్త్ మార్కుల మెమో. వయసుకి అదే రుజువు, అది నాయన బీరువాలో ఉంటుంది.

పిల్ల కనబడలేదని తల్లిదండ్రులు కేసు పెడితే, మేజరని తేలాక సురక్షా సంహిత 183వ సెక్షను కింద మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇస్తుంది (పాత 164). హెబియస్ కార్పస్ కూడా ఇక్కడ తిరగబడుతుంది. తల్లిదండ్రులే మొగుడి మీద వేస్తారు, జడ్జి పిల్లని పిలిపించి "నువ్వెక్కడికి పోతావమ్మా" అని అడుగుతాడు. ఆమె జవాబే చివరి మాట. 2018లో హాదియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. మీ ఇద్దరి స్వేచ్ఛలూ నా స్వేచ్ఛకి పనిముట్లే మరి.

చిత్తూరు గంగజాతర:

కోర్టు మెట్లు గారు 22వ అధికరణం సగమే చెప్పారు. అదే అధికరణంలో ముందస్తు నిర్బంధానికి (నేరం చేస్తాడేమోనని ముందే లోపలేసేదానికి) తలుపు తీసే ఉంది, 24 గంటల లెక్క దానికి పట్టదు. మన శేషాచలం ఎర్రచందనం కేసుల్లో తరచూ వినే పీడీ యాక్టు అదే, 1986 నాటిది. కలెక్టరు ఆర్డరు వేస్తే 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాల, 5 రోజుల్లో కారణాలు చేతికివ్వాల, 3 వారాల్లో సలహా బోర్డుకి పోవాల, బోర్డు 7 వారాల్లో చెప్పాల. అన్నీ దాటితే 12 నెలల దాకా లోపలే. బోర్డు ముందు వకీలుని పెట్టుకునే హక్కు కూడా లేదు.

ఈ ఆర్డర్లు ఎగిరిపోయేది ఎక్కువగా భాష దగ్గర, కాగితాల దగ్గర. జవ్వాది కొండల నుంచి వచ్చిన తమిళ కూలీకి వందల పేజీలు ఇంగ్లీషులోనో తెలుగులోనో ఇస్తే ఇవ్వనట్టే. తనకి తెలిసిన భాషలో ఇవ్వకుంటే నిర్బంధం చెల్లదని 1962లోనే హరికిసన్ కేసులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి వకీలు ముందుగా చూడాల్సింది తమిళ అనువాదం ఉందా, ఏ తేదీన ఇచ్చారు అని.

మామూలు కేసులో బెయిలొచ్చినా ఆ కూలీ బయటికి రాడు, లోకల్ జామీనుదార్లు దొరకరు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసు చూడండి. పదివేల జామీను అడిగి, తోడబుట్టినవాడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసేశారు. సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్ ఆ రెండూ తప్పని, వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదలమన్నాడు. ఆ తీర్పు కాపీ జతచేసి అడగాల, నోటి మాటగా అడిగితే పని కాదు.

కపిలతీర్థం వాన:

ముగ్గురికీ దండాలు. ఒకటి మాత్రం అనుమానం. అరవై దాటినవాళ్లని స్టేషనుకి పిలవకూడదంట గదా, అది పేజీలో వేసేదా?

కోర్టు మెట్లు:

అట్ల వేస్తే తప్పైపోతుంది. అది సురక్షా సంహిత 179వ సెక్షను, సాక్షిగా పిలిచేటప్పుడే. 15 లోపు, 60 దాటిన మగవాళ్లు, ఏ వయసు ఆడవాళ్లయినా, వికలాంగులు, గట్టిగా జబ్బు చేసినవాళ్లు, వీళ్లని ఉండేచోటికే వచ్చి అడగాల. పాత చట్టంలో 65 ఉండేది. నిందితుడికి 35(3) నోటీసొస్తే వయసు అడ్డం రాదు, పోవాల్సిందే. వాళ్లకుండే రక్షణ వేరు, 35(7). మూడేళ్లకన్నా తక్కువ శిక్షపడే నేరమైతే, 60 దాటినవాణ్ణి డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. "సాక్షి" అనే మాట లావు అక్షరాల్లో వేయించండి. లేకుంటే ఏ తాతో నోటీసు చించేసి అరుగు మీద కూర్చుంటాడు.