యువతకు ఏడాది తప్పనిసరి జాతీయ సేవ: పెట్టాలా, వద్దా?

ముక్కుసూటి:
పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి అమ్మాయీ అబ్బాయీ ఒక ఏడాది దేశసేవ చేసితీరాలని చట్టం తెస్తే మంచిదా, కాదా? సైన్యమే కానక్కర్లేదు. అగ్నిమాపక దళం, అంబులెన్స్, వరద సహాయం, వృద్ధాశ్రమం, ఏదైనా సరే. నేను తేవాలనే అంటాను. ఆపద వచ్చిపడ్డప్పుడు పని తెలిసిన చేతులు వేలల్లో కావాలి, అవి రాత్రికి రాత్రి పుట్టుకురావు. సింగపూర్‌లో 1967 నుంచి మగపిల్లలకు జాతీయ సేవ ఉంది, ఇప్పుడు రెండేళ్లు. సైన్యానికే కాదు, పోలీసు, పౌర రక్షణ దళాలకూ పంపుతారు. అసలు బలం ఆ రెండేళ్లలో కన్నా ఆ తర్వాతే ఉంది. ఇంటికెళ్లినవాళ్లను పది విడతలుగా, ఏడాదికి గరిష్ఠంగా 40 రోజుల వరకు వెనక్కి పిలిచి, నేర్చింది మరిచిపోకుండా చూస్తారు. ఫిన్లాండ్‌లో పనిని బట్టి 165, 255 లేదా 347 రోజుల సేవ, ఆపైన రిజర్వు జాబితా. గుండె ఆగినవాడి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కడం ఒక తరం మొత్తానికి వస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఆలోచించండి. స్వచ్ఛందం అంటే వచ్చేది ఎవరు? ఏడాదిపాటు సంపాదన లేకపోయినా ఇల్లు గడిచేవాళ్లే.

లెక్కలపంతులు:
ముక్కుసూటి గారూ, మీ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. లెక్కతోనే ఉంది.

ఏటా పది లక్షల మంది పద్దెనిమిదో ఏట అడుగుపెడుతున్నారనుకోండి. మూడు నెలల శిక్షణ, ఏడాదికి నాలుగు బ్యాచ్‌లు. అంటే ఏ రోజు చూసినా రెండున్నర లక్షల మంది శిక్షణలోనే ఉంటారు. పన్నెండు మందికి ఒకరు చొప్పున ఇరవై వేల పైచిలుకు శిక్షకులు కావాలి. వాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు? వార్డులో ఉన్న అనుభవజ్ఞురాలైన నర్సునో, స్టేషన్‌లో ఉన్న లీడింగ్ ఫైర్‌మన్‌నో డ్యూటీ నుంచి లాగాల్సిందే. సేవ పెరగాలని పెట్టిన పథకం మొదట్లో ఉన్న సేవకే గండి కొడుతుంది.

ఇక ఆ పన్నెండు నెలలు ఎలా కరిగిపోతాయో చూడండి. వైద్య పరీక్ష, దుస్తులు, బూట్లు, బ్యాంకు ఖాతా, పోస్టింగు కాగితాలు కలిపి మూడు వారాలు. శిక్షణ మూడు నెలలు. సెలవులు, జబ్బులు ఒక నెల. చివర్లో సామాను అప్పగింతకు, ధ్రువపత్రాలకు రెండు వారాలు. పనికి మిగిలేది ఏడు నెలలు కూడా కాదు. జర్మనీలో సైన్యానికి వెళ్లనన్నవాళ్లు చేసే పౌరసేవను 2010లో తొమ్మిది నెలల నుంచి ఆరుకు కుదించారు. పని నేర్పి నిలబెట్టేసరికి వెళ్లిపోతారని వాళ్లను పనిలో పెట్టుకునే సంస్థలు గోల పెట్టాయి. 2011 జూలైలో నిర్బంధ సేవనే ఆపేశారు.

యువత నష్టపోయేది ఆ ఒక్క ఏడాది జీతమే అనుకోవద్దు. వియత్నాం యుద్ధకాలంలో ఎవరిని సైన్యానికి పిలవాలో పుట్టినరోజుల చీటీలు తీసి తేల్చిన అమెరికా లాటరీని ఆధారం చేసుకుని ఆర్థికవేత్త జాషువా ఆంగ్రిస్ట్ 1990లో చేసిన అధ్యయనంలో, సైన్యానికి వెళ్లొచ్చిన తెల్లజాతి పురుషుల సంపాదన 1980ల మొదట్లో, అంటే యుద్ధం ముగిసి చాలాకాలమయ్యాక కూడా, వెళ్లనివాళ్లకన్నా దాదాపు 15 శాతం తక్కువని తేలింది. నెదర్లాండ్స్‌లో శాంతికాలంలోనే, సేవ ముగిసిన పదేళ్లకు కూడా దాదాపు 5 శాతం తేడా కనిపించింది. ఉద్యోగ అనుభవం ఆలస్యంగా మొదలైతే ఆ వెనుకబాటు ఏళ్లతరబడి వెంటాడుతుంది.

నీలిగాలి:
ఇద్దరూ "అందరూ" అన్న మాట దగ్గరే ఆగిపోయారు. అందరినీ పిలవాల్సిన పనేముంది? నార్వేలో 2015 నుంచి ఆడవాళ్లకూ నిర్బంధ సేవ వర్తిస్తుంది. ప్రతి ఒక్కరూ ముందు ఒక ప్రశ్నావళి నింపాలి: ఆరోగ్యం, చదువు, ఆసక్తి వగైరా. అందులోంచి కొందరినే వైద్య, దేహదారుఢ్య పరీక్షలకు పిలుస్తారు. చివరికి సేవలో చేరేది ఆ వయసువాళ్లలో ఆరుగురికి ఒకరు, అంతే. లెక్కలపంతులు గారి శిక్షకుల సమస్య అక్కడ చాలామటుకు తీరిపోయింది. 2010లో నిర్బంధ సేవ ఆపేసిన స్వీడన్ 2017లో మళ్లీ తెస్తున్నప్పుడు ఈ పద్ధతినే పట్టుకుంది.

కొందరినే తీసుకుంటే ఎవరిని అన్నది వస్తుంది. లాటరీ తీస్తే సరిపోతుందనుకునేవాళ్లు 1969 డిసెంబరు 1న అమెరికాలో జరిగింది గుర్తుంచుకోవాలి. 366 పుట్టినరోజులను 366 ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టారు. నెలలవారీగా వరుసగా పెట్టెలో వేసి సరిగా కలపలేదు. ఆఖరున వేసిన నవంబరు, డిసెంబరు గొట్టాలు పైనే ఉండిపోయి ముందుగా చేతికొచ్చాయి. ఏడాది చివర్లో పుట్టినవాళ్లు ఎక్కువమంది యుద్ధానికి పిలుపు అందుకున్నారు. మరుసటేడు రెండు డ్రమ్ములు పెట్టారు: ఒకదాంట్లో తేదీలు, మరొకదాంట్లో వరుస సంఖ్యలు. రెండింట్లోంచీ ఒక్కొక్కటి తీసి జత చేశారు. లాటరీ పెట్టేవాళ్లు ముందే పద్ధతి ప్రకటించి, అందరి కళ్లెదుట తీయాలి. మినహాయింపుల జాబితా ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. కాలేజీ చదువుకు వాయిదా ఇచ్చారంటే కలిగినవాళ్ల పిల్లలకు దొడ్డిదారి తెరిచినట్టే.

మూడోకన్ను:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. నిర్బంధ శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 ఒప్పందం నిర్బంధ సైనిక సేవను మినహాయించింది, కానీ "కేవలం సైనిక స్వభావం" ఉన్న పనికి మాత్రమే. 1957 నాటి మరో ఒప్పందం ఆర్థికాభివృద్ధి కోసం మనుషుల్ని బలవంతంగా పనిలో పెట్టడాన్ని నిషేధించింది. కాబట్టి యువతతో రోడ్లు వేయిస్తాం, కాలువలు తవ్విస్తాం అనే పథకాలకు మొదటి మెట్టులోనే ఈ ఒప్పందాలు అడ్డం పడతాయి. ఆఫ్రికాలోని ఎరిత్రియా 1995 చట్టంలో జాతీయ సేవకు రాసింది 18 నెలలే. 1998 సరిహద్దు యుద్ధం తర్వాత దానికి అంతు లేకుండా పోయింది, జనం ఏళ్లకేళ్లు పొలాల్లో, నిర్మాణాల్లో చాకిరీ చేశారు. ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2016లో దాన్ని బానిసత్వంగా పేర్కొంది. గడువు పొడిగించే అధికారం మంత్రి చేతిలో ఉండకూడదు, పార్లమెంటు ఓటు కావాలి.

మనస్సాక్షి ఒప్పుకోక సైన్యానికి వెళ్లనన్నవాళ్లకు ఇచ్చే ప్రత్యామ్నాయం శిక్షలా ఉండకూడదు. దక్షిణ కొరియాలో పదాతి దళంలో 18 నెలలైతే, ప్రత్యామ్నాయ సేవ 36 నెలలు, అదీ జైళ్లలో పని. స్విట్జర్లాండ్‌లో అది ఒకటిన్నర రెట్లే. అక్కడ సేవ చేయనివాళ్లు ఆదాయంలో 3 శాతం పన్ను కట్టాలి.

పిల్లల్ని కాపాడే ఏర్పాటు అన్నిటికన్నా ముఖ్యం. అర్జెంటీనాలో 1994లో ఓమర్ కరాస్కో అనే కుర్రవాణ్ణి బ్యారక్‌లోనే కొట్టి చంపారు. ఆ ఏడే నిర్బంధ సేవ ఆగిపోయింది. ఫిర్యాదు పై అధికారి ద్వారానే వెళ్లాలన్న పద్ధతి ఉన్నచోట ఇలాంటివి బయటికి రావు. దళంతో సంబంధం లేని అధికారికి నేరుగా ఫోన్ చేసే హక్కు మొదటి రోజునుంచే ఉండాలి.

ముక్కుసూటి:
నీలిగాలి గారి నార్వే పద్ధతి నాకు సమ్మతమే, మూడోకన్ను గారి షరతులూ అవసరమే. అయినా కులం, భాష, డబ్బు తేడాల్లేకుండా కలిసి బతకడం నేర్పడానికి దీనికి సాటి వచ్చేది ఏదీ కనబడదు. అంతర్యుద్ధం ముగిశాక నైజీరియా 1973లో పట్టభద్రులకు ఏడాది సేవ పెట్టింది. మూడు వారాల శిబిరం తర్వాత సొంత రాష్ట్రం కాకుండా మరో రాష్ట్రానికి పంపడం దాని ఆయువుపట్టు.

లెక్కలపంతులు:
నైజీరియాలో 2011 ఎన్నికల విధులకు వేసిన ఆ పిల్లల్లో కొందరిని అల్లర్లలో చంపేశారు, అదీ చెప్పాలి. పరాయి చోటికి పంపేవాళ్లు ముందుగా నివాసం, రవాణా, అల్లర్లు చెలరేగితే వెనక్కి తెచ్చే దారి చూసిపెట్టాలి.

ఒకచోట చేర్చినంత మాత్రాన కలిసిపోరు. పట్టభద్రులకు కంప్యూటర్ ముందు కుర్చీ, మిగతావాళ్లకు లాండ్రీ పని ఇస్తే బయటి అంతరమే లోపలా ఉంటుంది. పదిమంది జట్టును చీటీలు వేసి కూర్చాలి. మంచాలు, వంటపని, పాకీపని వంతులవారీగా తిరగాలి. జట్టును మధ్యలో విడగొట్టకూడదు.

మొదటి రెండు వారాల వ్యాయామం మీద కూడా కన్నేయాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వచ్చిన మూడో రోజే బరువు మోయిస్తూ పరుగెత్తిస్తే వడదెబ్బ ప్రాణం తీస్తుంది. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, చెమట పడుతున్నా సరే వడదెబ్బ కిందే లెక్క. ముందు మంచునీళ్ల తొట్టిలో మెడదాకా దింపి చల్లబరచాలి, ఆస్పత్రి ప్రయాణం ఆ తర్వాత. తొట్టి, మంచు మైదానం పక్కనే సిద్ధంగా లేకపోతే ఆ రోజు పరుగు పెట్టకూడదు.

మూడోకన్ను:
చెల్లింపుల సంగతి కూడా. ఘనాలో 2025లో జాతీయ సేవ చెల్లింపుల జాబితాను వడపోస్తే 81 వేలకు పైగా అనుమానాస్పదమైన పేర్లు బయటపడ్డాయి. భత్యం నేరుగా వ్యక్తి ఖాతాకే వెళ్లాలి. పని చేస్తున్న చోటి హాజరుతో ప్రతి నెలా సరిచూశాకే విడుదల కావాలి.

నీలిగాలి:
ఒక్కటి మిగిలింది. ఆస్ట్రియాలో 2013 జనవరిలో ప్రజాభిప్రాయం అడిగితే దాదాపు 60 శాతం నిర్బంధ సేవే ఉంచమన్నారు. ఆ చర్చలో గట్టిగా వినిపించింది సైన్యం అవసరం కాదు, పౌరసేవ కుర్రాళ్లు లేకపోతే అంబులెన్సులు ఎవరు నడుపుతారన్న భయం. చవకగా దొరికే చేతులకు అలవాటు పడ్డ వ్యవస్థ వాళ్లను వదులుకోలేదు. జర్మనీ నిర్బంధ సేవ ఆపాక తెచ్చిన స్వచ్ఛంద సేవలో, ఉద్యోగుల్ని తీసేసి వీళ్లను పెట్టకూడదన్న నియమం ఉంది. అది అమలవుతోందా అన్నది కనిపెట్టడం కష్టమేం కాదు. తనిఖీకి వెళ్లినవాళ్లు గత రెండేళ్ల డ్యూటీ చార్టులు అడగాలి. నిరుడు జీతం మీద మనిషి ఉన్న షిఫ్టులో ఇప్పుడు సేవకుడి పేరుంటే ఆ సంస్థకు వచ్చే విడత ఎవరినీ పంపకూడదు.