టూర్ డివైడ్‌కి వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: తిండి, బురద, చేతుల తిమ్మిరి, బావమరిది పులిహోర

మట్టిబాట (హైదరాబాద్)

అందరికీ నమస్తే. బీఆర్ఎంలు (గడువు లోపల ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లు) 600 కిలోమీటర్ల దాకా లాగించాను, అన్నీ తారురోడ్ల మీదే. ఇప్పుడు మనసు టూర్ డివైడ్ మీదికి పోయింది. తెలియనివాళ్ల కోసం: ఇదో సైకిల్ రేసు, కెనడాలో బాన్ఫ్ దగ్గర మొదలై, రాకీ పర్వతాల వెంబడి దక్షిణానికి దిగుతూ, న్యూ మెక్సికోలో ఆంటిలోప్ వెల్స్ అనే సరిహద్దు చౌకీ దగ్గర ముగుస్తుంది. సుమారు 4,400 కిలోమీటర్లు, చాలావరకు మట్టీ కంకరే. ఏటా జూన్ రెండో శుక్రవారం బయల్దేరతారు. ప్రైజు లేదు, వెనకాల వ్యాను లేదు. జీపీఎస్ మ్యాపు మీద మన చుక్క కదులుతుంటే ఇంట్లోవాళ్లు చూసి ఊపిరి పీల్చుకోవడమే.

2025లో రాబిన్ గెంపెర్లె దీన్ని 11 రోజుల 19 గంటల్లో కొట్టేశాడు. రోజుకి 370 కిలోమీటర్ల పైమాటే! నాకు ఆ పిచ్చి లేదు, నెల పట్టినా పర్లేదు.

ముందు మా ఇంట్లో గొడవ తీర్చండి. డెన్వర్‌లో ఉన్న మా బావమరిది, సలైడా అనే ఊరికి పులిహోర డబ్బా పట్టుకుని వస్తానంటున్నాడు. దారిలో సొంత మనుషుల సాయం తీసుకోకూడదంటారు కదా, ఇది కూడా దాని కిందికే వస్తుందా? రెండోది, నేను శాకాహారిని, గుడ్డు మాత్రం తింటాను. మూడోది, 400 కిలోమీటర్లు దాటాక నాకు చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారిపోతాయి. రోజుల తరబడి తొక్కితే ఏమవుతుందోనని భయంగా ఉంది.

మొండి_సైకిల్ (కరీంనగర్)

గిదేం లొల్లి తమ్మీ! సొంత బావమర్ది పులిహోర తెస్తనంటే వద్దంటరా ఎవరన్న? పైసల్లేని రేసుకు గిన్ని రూల్సెందుకు? తిని తొక్కు.

కొలరాడో_కోనసీమ

మొండి అన్నా, మీరు ఆయన్ని రేసులోంచే తప్పించేలా ఉన్నారు. మట్టిబాట గారూ, కచ్చితంగా ఆ రూల్ కిందికే వస్తుంది. అక్కడ లెక్క ఒకటే: తొక్కేవాళ్లందరికీ దొరికేదైతే తీసుకోవచ్చు, నీ ఒక్కడికే దొరికేదైతే కూడదు. కొట్లో కొనుక్కో, మోటెల్‌లో పడుకో, సైకిల్ షాపులో చైను మార్పించుకో, ఎవరూ ఏమీ అనరు. దారిలో ముక్కూమొహం తెలియని పెద్దావిడ గేటు దగ్గర నిలబడి నిమ్మరసం ఇస్తే తాగొచ్చు. అదే మీ బావమరిది ఫలానా రోజుకి ఫలానా చోట ఉంటానని చెప్పి వస్తే, అది ఏర్పాటు చేసుకున్న సాయం.

కానీ దీనికో దారి ఉంది. బయల్దేరక ముందే దారిలోని పోస్టాఫీసుకి మీ పేరు మీద పార్సిల్ పంపుకోవచ్చు. అమెరికాలో దాన్ని జనరల్ డెలివరీ అంటారు, గుర్తింపు కార్డు చూపించి తీసుకోవడమే. పులిహోర పంపలేరు గానీ పులిహోర పొడి, అటుకులు, కందిపొడి, ఇన్‌స్టంట్ ఉప్మా పంపొచ్చు. ఒక్కటే చిక్కు. చిన్న ఊళ్లలో పోస్టాఫీసు శనివారం ఏ పూటో మూసేస్తారు, ఆదివారం అసలు తియ్యరు. శనివారం సాయంత్రం చేరామంటే సోమవారం పొద్దున్నదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకే నేను ప్రాణం నిలిపే తిండిని పోస్టులో పెట్టను, నోటికి రుచి తగిలించే వాటినే పెడతాను.

నేను కెనడా భాగం తొక్కలేదు. హెచ్1బీ స్టాంపింగ్ గడువు దాటి ఉంది, సరిహద్దు దగ్గర వివరణలు ఇచ్చుకునే ఓపిక లేక మొంటానాలోని యురేకా నుంచి మొదలెట్టాను. మీరు ఇండియా నుంచి వస్తున్నారు కాబట్టి రెండు దేశాల వీసాలూ కావాలి. రెండు దేశాల మధ్య ఉన్న రూస్‌విల్ చౌకీ దగ్గర సైకిల్ మీదే వరసలో నిలబడతారు.

కంట్రోల్_టీ (విజయవాడ)

బీఆర్ఎంలలో వాలంటీరుగా ఉంటాను కాబట్టి ఒక మాట. మన దగ్గర సాయం కంట్రోల్ పాయింట్లలో (దారిలో కార్డు మీద ముద్ర వేయించుకునే చోట్లు) తీసుకోవచ్చు, మధ్యలో కూడదు. ఆ అలవాటుతో వెళ్లినవాళ్లకి డివైడ్ రూల్ ఇంకా గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కంట్రోలే లేదు. మధ్యలో చూసేవాడు లేడు, కార్డు మీద ముద్ర లేదు. బావమరిది డబ్బా తెచ్చినా పట్టుకునే నాథుడు ఉండడు. రూల్ నిలిచేది తొక్కేవాడి నిజాయితీ మీదే, అందుకే దాన్ని అంత పట్టుదలగా పాటిస్తారు. పోనీ ఆయన్ని ఆంటిలోప్ వెల్స్‌కి రమ్మనండి. అక్కడ చౌకీ తప్ప ఊరు లేదు, రేసు అయ్యాక బయటపడడానికి ఎలాగూ ఎవరో ఒకరు బండి తేవాలి. అప్పుడు గంగాళం నిండా తెచ్చినా అడిగేవాడు లేడు.

మొండి_సైకిల్ (కరీంనగర్)

గది బాగున్నది. ఒప్పుకున్న.

కొలరాడో_కోనసీమ

శాకాహారం సంగతి. పెట్రోలు బంకు కొట్లే మీ హోటళ్లు. బీన్ బరీటో (బీన్స్ పెట్టి చుట్టిన రొట్టె) కనిపిస్తే ఎగిరి గంతెయ్యకండి, బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు కొన్నిచోట్ల, ప్యాకెట్ వెనక చదవండి. టోర్టిల్లాలో (మన చపాతీ లాంటిదే) వేరుశనగ వెన్న రాసి, దాంట్లో చిప్స్ నలిపి చుట్టుకోవడం నా మధ్యాహ్న భోజనం. చదువుతుంటే వికారంగా ఉంటుంది, తొక్కేటప్పుడు అమృతం. చాక్లెట్ పాలు, చీజ్ కడ్డీలు, ఉడికించిన గుడ్లు చాలాచోట్ల దొరుకుతాయి.

అసలు లెక్క వేసుకోవాల్సింది దొరకని చోట్ల గురించి. వ్యోమింగ్‌లో అట్లాంటిక్ సిటీ దాటాక గ్రేట్ డివైడ్ బేసిన్ అనే ఎండు మైదానం వస్తుంది. రాలిన్స్ దాకా సుమారు 200 కిలోమీటర్లు చెట్టు నీడ ఉండదు, నీళ్లు చాలా తక్కువ. ఆ ఎదురుగాలిలో ఆరు లీటర్లు మోశాను, ఎక్కువేమీ కాలేదు. ఆ తర్వాత న్యూ మెక్సికోలో పై టౌన్ అనే ఊరి నుంచి సిల్వర్ సిటీ వరకు దాదాపు 290 కిలోమీటర్లు, కొట్టు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పై టౌన్‌లో పేరుకు తగ్గట్టే పైలు (లోపల పండ్లు కూరి కాల్చినవి) అమ్ముతారు. ఒకటి తినండి, ఒకటి కట్టించుకోండి.

ఇంకోటి, ఉత్తరాన ఎలుగుబంట్లు. తిండి, టూత్‌పేస్ట్, వాసన వచ్చే ప్రతిదీ టెంటుకి వంద మీటర్ల దూరంలో చెట్టుకి వేలాడదీయాలి. ఆవకాయ పాకెట్లు జేబులో పెట్టుకుని పడుకునే మనవాళ్లకి ఈ మాట రెండుసార్లు చెప్పాలి. ఎలుగు స్ప్రేని విమానంలో తేనివ్వరు, దిగాక కొనుక్కోండి.

నరాల_లక్ష్మి (విశాఖ)

నేను ఫిజియోథెరపిస్టుని, సైకిలూ తొక్కుతాను. చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరి అంటే అల్నార్ నరం నలుగుతోందని అర్థం. అరచేతిలో చిటికెనవేలి వైపు, మణికట్టుకి కాస్త పైన ఒక సన్నటి సందులోంచి ఆ నరం వెళ్తుంది. హ్యాండిల్ మీద బరువంతా సరిగ్గా అక్కడే పడుతుంది. తారు మీద 400కే వస్తోందంటే, కంకర అదురుకి ఇంకా ముందే వస్తుంది.

చాలామంది గ్లోవ్స్ మారుస్తారు. ముందు చూడాల్సింది సీటు. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే ఒళ్లు ముందుకి జారుతుంటుంది, ఆపడానికి చేతులు నెడుతూనే ఉంటాయి. దాన్ని సమంగా పెట్టించి వారం తొక్కి చూడండి. తర్వాత హ్యాండిల్ ఎత్తు. తర్వాత చేతులు మార్చి మార్చి పెట్టుకునే వీలు: ఏరో బార్లు (హ్యాండిల్ ముందుకి బిగించే కడ్డీలు) వేసుకునేది వేగం కోసమే కాదు, మోచేతుల మీద బరువు వేసి అరచేతులకి విశ్రాంతి ఇవ్వడానికి కూడా. టైర్లలో గాలి తగ్గిస్తే అదురు సగం చస్తుంది.

తిమ్మిరి ఒక ఎత్తు, బలం తగ్గడం మరో ఎత్తు. బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య కాగితం పెట్టి లాగమనండి. నిలవకపోతే, లేదా గేరు మీట నొక్కలేకపోతుంటే, అక్కడితో ఆగాలి. అలా ముదిరితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. రోజంతా కీబోర్డు మీద బతికేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మట్టిబాట (హైదరాబాద్)

లక్ష్మి గారూ, ఇప్పుడే వెళ్లి చూశాను. సీటు ముక్కు కిందికే ఉంది, ఫిట్టింగ్ చేసిన షాపువాడే అలా పెట్టాడు. ఈ ఆదివారమే సరిచేయిస్తా. చాలా థాంక్సండీ.

రేగడి_రైడర్ (నంద్యాల)

బురద గురించి ఎవరూ ఎత్తలేదే? నేను కొలరాడో సరిహద్దు నుంచి కిందికి, న్యూ మెక్సికో మటుకే తొక్కినా. పై టౌన్ ఇంకా ముందుండంగానే మధ్యాహ్నం వాన దంచింది. పది నిమిషాల్లో దారి మారిపోయింది. అచ్చం మా నల్లరేగడే అనుకోండి. మొదటి చుట్టులో టైరుకి పల్చగా అంటుకుంటుంది, రెండో చుట్టుకి గడ్డి, కంకర కలుపుకుంటుంది, మూడో చుట్టుకి ఫోర్కు సందులో కూరుకుపోయి చక్రం తిరగడం ఆగిపోతుంది. నెట్టినా పోదు. ఎత్తుకుందామంటే సైకిలు బరువు రెట్టింపు. చెప్పులకింద బురద గడ్డలు కట్టి మనమే నాలుగంగుళాలు పెరుగుతాం.

అప్పుడు చెయ్యగూడనిది ఒకటే: కోపమొచ్చి పెడల్ మీద నిలబడి తొక్కడం. డిరేలియర్ (వెనక గేర్లు మార్చేది) బురదతో బిగుసుకుని ఊచల్లోకి మెలి తిరుగుతుంది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ పుటుక్కున విరుగుతుంది. నా ముందర పోతున్న ఒకాయనది అట్లే విరిగింది, స్పేర్ హ్యాంగర్ లేదు, చైను కత్తిరించి ఒకే గేరు చేసుకుని కుంటుకుంటూ పోయినాడు. కాబట్టి మీ సైకిల్‌కి సరిపడే హ్యాంగర్ ఒకటి సీటు కింద కట్టుకోండి, పెద్ద బరువేమీ ఉండదు.

నేను చేసిందల్లా దారి పక్క గడ్డిలోకి దిగి, టెంటు మేకుతో గీరుకుంటూ కూర్చోవడం. వాన వెలిసి ఎండ కాస్తే కొన్ని గంటల్లో పైన పెళ్లు కడుతుంది, తొక్కొచ్చు. అక్కడ ఆగినవాళ్లే ముందు చేరినారు, మొండికేసి నెట్టుకుంటూ పోయినవాళ్లు సాయంత్రానికి నా వెనకాలే ఉన్నారు.

ఘాట్‌రోడ్డు (అనకాపల్లి)

ప్రాక్టీసు గురించి నా మాట. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఎక్కడం కాళ్లకి మంచిదే, కానీ అది తారు. లంబసింగి, చింతపల్లి చుట్టుపక్కల గూడేలకు పోయే మట్టిదార్లు పట్టండి, సామానంతా కట్టుకుని. సంచులు లేకుండా వందసార్లు ఎక్కినా అది వేరే సైకిలు. రాత్రి ఎక్కడ పడుకోవాలో ఊరి పెద్దలని ముందే అడగండి, కాదనరు. నల్లమలలోకి మాత్రం మట్టిదారి కనిపించింది కదా అని దిగొద్దు, అది పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డులోనే మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు.

సీతాకోక (బెంగళూరు)

మనాలీ నుంచి లేహ్ తొక్కాను. డివైడ్‌లో ఎత్తైన చోటు కొలరాడోలోని ఇండియానా పాస్, దాదాపు 3,630 మీటర్లు. లదాఖ్ దారిలో సర్చు దగ్గర 4,200 మీటర్ల పైన పడుకుంటాం, తంగ్‌లాంగ్ లా 5,300 దాటుతుంది. కాబట్టి ఎత్తు గురించి మట్టిబాట గారు ఎక్కువ భయపడక్కర్లేదు. అక్కడ ఎత్తు కొట్టేస్తుంది గానీ అక్కడక్కడా దాబాలు, మ్యాగీ ఉంటాయి. డివైడ్ ఏడిపించేది ఖాళీతనంతోనే.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తారా అని మా అమ్మ ప్రశ్న. ఎవరైనా చెప్పండి.

కంట్రోల్_టీ (విజయవాడ)

అమ్మగారికి లేల్ విల్‌కాక్స్ సంగతి చెప్పండి. 2015లో ఆవిడ అలాస్కాలోని యాంకరేజ్ నుంచి బాన్ఫ్‌కి సైకిల్ మీదే వచ్చి, రేసులో దిగింది. మధ్యలో ఊపిరి ఆడక ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది, అయినా 17 రోజుల్లో ముగించి ఆడవాళ్ల రికార్డు కొట్టింది. తృప్తి లేక అదే వేసవిలో మళ్లీ వెళ్లి 15 రోజుల 11 గంటల లోపు ముగించింది. ఇది వింటే అమ్మగారికి ధైర్యం వస్తుందో, ఇంకా భయం వేస్తుందో నేను చెప్పలేను.

భయపడాల్సింది ఎలుగుల కంటే కార్లకి. 2016లో డివైడ్ రికార్డు కొట్టిన మైక్ హాల్, మరుసటి ఏడాది మార్చిలో ఆస్ట్రేలియాలో ఇలాంటి పొడుగు రేసులోనే, తెల్లవారకముందు కారు గుద్ది చనిపోయాడు. డివైడ్‌లోనూ తారురోడ్డు ముక్కలు వస్తాయి. వెనక లైటు రెండు పెట్టుకోండి, నిద్ర ముంచుకొస్తుంటే దిగి పడుకోండి.

కొలరాడో_కోనసీమ

లైటు మాట వచ్చింది కాబట్టి: డైనమో హబ్ (చక్రం తిరిగితే కరెంటు ఇచ్చేది) మీదే ఆధారపడొద్దు. కొండ ఎక్కేటప్పుడు వేగం గంటకి 10 కిలోమీటర్ల కిందికి పడిపోతుంది, అప్పుడు ఫోను చార్జ్ అవ్వదు. పగలు దిగేటప్పుడు పవర్‌బ్యాంక్ నింపుకోండి, రాత్రి దాన్నుంచి వాడుకోండి.

మట్టిబాట (హైదరాబాద్)

చాలా తెలిసింది. ఆఖరి అనుమానం: టైరు వెడల్పు 2.2 అంగుళాలు వేయాలా, 2.4 వేయాలా? ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని టైరు) తప్పదా?

రేగడి_రైడర్ (నంద్యాల)

2.2 అయితే బురదలో ఫోర్కు సందు కాస్త మిగులుతుంది. నేను దానికే ఓటు.

నరాల_లక్ష్మి (విశాఖ)

2.4. చేతుల సంగతి మర్చిపోకండి.

కొలరాడో_కోనసీమ

మీ ఫోర్కులో 2.4 పెట్టి చూడండి, రెండు పక్కలా చిటికెనవేలు దూరితే 2.4, దూరకపోతే 2.2. ట్యూబ్‌లెస్ మాత్రం తప్పదు. న్యూ మెక్సికోలో దారి పక్కన నేల మీద పాకే ముళ్లు ఉంటాయి, అక్కడివాళ్లు గోట్‌హెడ్ అంటారు. వంగి చూస్తే మన పల్లేరు కాయలే, అదే మొక్క! ట్యూబు వేసుకున్నవాడు గంటకోసారి దిగాలి. ట్యూబ్‌లెస్ టైర్లో చిల్లులు పూడ్చే ద్రవం, సీలెంట్, ఎండకి ఆరిపోతుంది, కాబట్టి సలైడా చేరేసరికి ఒకసారి మళ్లీ పోయించుకోండి. మంచి షాపు ఉంది, శనాదివారాల వేళలు మాత్రం ముందే కనుక్కోండి.