1914లో జర్మనీ కొత్త రిజర్వ్ కోర్‌లు: అసలు కట్టడమే తప్పా?

కృష్ణాతీరం
చాలా రోజులుగా నన్ను వదలని ప్రశ్న ఇది. యుద్ధం మొదలైన రెండు వారాలకే, 1914 ఆగస్టు 16న, జర్మన్ యుద్ధ మంత్రిత్వ శాఖ కొత్త రిజర్వ్ కోర్‌లు కట్టమని ఆర్డరు ఇచ్చింది. కోర్ అంటే రెండు డివిజన్లు కలిసిన పెద్ద దళం. 22 నుంచి 27 వరకు మొత్తం ఆరు. వాటిలో 43 నుంచి 54 వరకు పన్నెండు డివిజన్లు, ఒక్కో డివిజన్‌కు నాలుగు పదాతి రెజిమెంట్లు, 201 నుంచి 248 దాకా. రెండు నెలలు తిరక్కుండానే నాలుగు కోర్‌లను, అంటే 22, 23, 26, 27లను, బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో వుర్టెంబర్గ్ డ్యూక్ ఆల్‌బ్రెక్ట్ నాలుగో సైన్యంలో పెట్టి ఈప్ర్ పట్టణం మీదికి, ఈజర్ నది మీదికి తోలారు. కొన్ని వారాల్లో అవి చితికిపోయాయి.

ఆ కుర్రాళ్ళతో కొత్త కోర్‌లు కట్టకుండా, అప్పటికే ముందున్న పాత రెజిమెంట్లలో ఖాళీలు నింపడానికి పంపాల్సింది అని నా అభిప్రాయం. పక్కన అనుభవం ఉన్నవాడు ఒక్కడుంటే చాలు, కొత్తవాడు ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు పరుగెత్తాలో వారంలో నేర్చుకుంటాడు. మీరేమంటారు?

పాత సిపాయి
ముందు ‘రిజర్వ్’ అనే మాటను తక్కువ చేయకండి. జర్మనీలో పదాతి సైనికుడు రెండేళ్లు సర్వీసు చేసి, ఆ తరువాత అయిదేళ్లు రిజర్వ్‌లో ఉండేవాడు. ఆగస్టులో పిలుపు రాగానే అలాంటివాళ్ళతో 14 రిజర్వ్ కోర్‌లు రెగ్యులర్ కోర్‌లతో పాటే బయలుదేరాయి. ఫ్రెంచివాళ్ళు వీటిని ముందు వరసలో వాడరనుకున్నారు, బెల్జియంలో దెబ్బతిన్నారు. 7వ రిజర్వ్ కోర్ ఫ్రాన్స్‌లోని మొబేజ్ కోట పట్టుకుని, అక్కడినుంచి రాత్రీ పగలూ నడిచి సెప్టెంబరు 13న ఎన్ నది పైన గుట్టల మీదికి బ్రిటిష్ వాళ్ళకంటే కాస్త ముందు చేరింది. జర్మన్ వరసలో పడిన ఖాళీ అలా పూడింది. ఆ కోర్‌ను నడిపిన జనరల్ ఫాన్ ట్స్వేల్ మనుషులు నిద్ర లేకుండా నడిచిన ఆ నడకను రెండో రకం సైన్యం చేయగలదా?

నల్లమల కుర్రాడు
సర్, రిజర్వ్ కోర్‌కీ మామూలు కోర్‌కీ తేడా ఏమిటి? మనుషులేనా?

పాత సిపాయి
ఫిరంగులు, తమ్ముడూ. రెగ్యులర్ కోర్‌కు 160. అందులో 16 భారీ హోవిట్జర్లు. ఆగస్టు రిజర్వ్ కోర్‌కు 72 మాత్రమే, భారీవి లేవు, సొంత విమాన దళం కూడా లేదు. ఆ తక్కువతోనే వాళ్ళు అంత చేశారు.

కృష్ణాతీరం
సిపాయి గారూ, మీరు చెప్పినవన్నీ ఆగస్టు కోర్‌ల సంగతులు. ట్స్వేల్ మనుషులు రెండేళ్లు సర్వీసు చేసినవాళ్ళు. నా ప్రశ్న అక్టోబరు కోర్‌ల గురించి. పేరు రెండింటికీ ‘రిజర్వ్’ అనే ఉంది కానీ మనుషులు వేరు. ఇక్కడ చాలా రెజిమెంట్లలో ఎక్కువమంది అంతకుముందు తుపాకి పట్టనివాళ్ళు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు వయసు మళ్ళిన లాండ్‌వేర్ (రిజర్వ్ గడువు కూడా దాటినవాళ్ళ దళం) మనుషులు. అధికారులా, పెన్షన్ మీద ఇంట్లో ఉన్నవాళ్ళను వెనక్కి పిలిచారు. మ్యాపులు చాల్లేదు. వంటబండ్లు లేని యూనిట్లు ఉన్నాయి. ఫిరంగి దళానికీ పదాతికీ కలిసి పనిచేసిన అలవాటు లేదు. అవతల ఉన్నది బ్రిటన్ వృత్తి సైనికులు, నిమిషానికి పదిహేను గుళ్ళు గురి చూసి కాల్చేవాళ్ళు. అక్టోబరు 20 తరువాత ఈప్ర్ దగ్గరి లాంగెమార్క్ ఊరి చుట్టూ 23, 26 కోర్‌లు దట్టంగా గుంపులుగా నడిచి వెళ్ళాయి. ఎవరు నేర్పారు వాళ్ళకు వేరేగా నడవడం?

మ్యూనిక్ వాసి
ఇద్దరూ ఒక విషయం సరిచేసుకోండి. ‘కుర్రాళ్ళు’, ‘కుర్రాళ్ళు’ అంటున్నారు. లాంగెమార్క్‌లో చనిపోయినవాళ్ళంతా కాలేజీ విద్యార్థులన్నది కట్టుకథ. 1914 నవంబరు 11న జర్మన్ సైన్యం ఒక ప్రకటన ఇచ్చింది. లాంగెమార్క్‌కు పడమర యువ రెజిమెంట్లు ‘డాయిచ్‌లాండ్, డాయిచ్‌లాండ్’ అనే దేశభక్తి పాట పాడుతూ శత్రువు మొదటి వరస పట్టుకున్నాయని. ఆ ఒక్క ప్రకటన నుంచే విద్యార్థుల కథ పుట్టి పెరిగింది. నిజానికి వాళ్ళలో చేతిపనులవాళ్ళు, గుమాస్తాలు, రైతుల పిల్లలే ఎక్కువ. ఆ ప్రకటన చెప్పిన నవంబరు 10 దాడి జరిగింది కూడా లాంగెమార్క్‌లో కాదు, బిక్స్‌హోటె దగ్గర.

కృష్ణాతీరం
విద్యార్థులని నేనెక్కడ అన్నాను? శిక్షణ లేనివాళ్ళన్నాను.

మ్యూనిక్ వాసి
‘కుర్రాళ్ళు’ అన్నారుగా. ఆ మాటలోనే ఆ కథ దాగి ఉంది. నాజీలు లాంగెమార్క్ పేరుతో పండగలు చేసింది ఈ మాటలతోనే. జాగ్రత్తగా వాడాలి.

పాత సిపాయి
మ్యూనిక్ బాబూ, అది పక్కన పెట్టు. కృష్ణాతీరం గారూ, ఖాళీలు నింపడానికి పంపాలన్నారు. ఆ ఏర్పాటు జర్మనీలో ముందే ఉంది. ఒక కోర్ యుద్ధానికి వెళ్ళగానే దాని జిల్లాలో డిప్యూటీ జనరల్ కార్యాలయం కూర్చునేది. దాని కింద ప్రతి రెజిమెంట్‌కు ఎర్జాట్స్ బెటాలియన్, అంటే ముందు ఎంతమంది పోతే అంతమందిని తయారుచేసి పంపే డిపో. ఆగస్టులో ఆ డిపోలు నిండి పొర్లాయి, మనుషుల్ని నిలబెట్టడానికి చోటు లేదు. పాత రెజిమెంట్లకు అందులోంచి పంపుతూనే ఉన్నారు.

అసలు సమస్య వేరు. మార్న్ నది యుద్ధం తరువాత వరస ఎన్ నది నుంచి సముద్రం దాకా సాగింది. కొత్త నేల పట్టుకోవాలంటే కొత్త సైన్యమే కావాలి. పాత రెజిమెంట్‌లో వంద మందిని కలిపితే అది మరో ఇరవై మైళ్ళు కాపలా కాయలేదు. జర్మన్ సైన్యాధిపతి ఫాల్కెన్‌హైన్ స్థానంలో మీరున్నా అదే చేస్తారు. పైగా ఇదే బ్యాచ్‌లోని 25వ రిజర్వ్ కోర్ తూర్పున పోలండ్‌లోని లోడ్జ్ దగ్గర నవంబరులో రష్యన్ల మధ్య ఇరుక్కుని, బ్రెజినీ మీదుగా దారి చీల్చుకుని, వేలమంది ఖైదీలతో సహా బయటపడింది. దాన్ని నడిపింది జనరల్ షెఫర్-బోయాడెల్. అదే శిక్షణ, అవే వారాలు.

కృష్ణాతీరం
బ్రెజినీలో దారి చీల్చింది ఎవరు సర్? జనరల్ లిట్స్‌మాన్ నడిపిన 3వ గార్డ్ డివిజన్. అనుభవం ఉన్నవాళ్ళు. కొత్త కోర్ పక్కన పాతవాళ్ళుంటే ఏమవుతుందో మీ ఉదాహరణే చూపించింది.

ఇది నాకు పుస్తకాల్లో చదివిన సంగతి మాత్రమే కాదు. నా మొదటి ఉద్యోగంలో క్యాంపస్ నుంచి వచ్చిన ఇరవై మందిమి ఒక్కటే టీమ్. ఒక్క సీనియర్ లేడు. సీనియర్లంతా మంచి పేరున్న ప్రాజెక్టుల్లో. ‘మీరంతా ఉత్సాహంగా ఉన్నారు, మీరే చేయగలరు’ అని క్లయింట్ ముందు నిలబెట్టారు. గో-లైవ్ నాడు అంతా కూలిపోయింది. నాతో పాటు పదకొండు మంది రోడ్డున పడ్డాం. నిర్ణయం తీసుకున్నాయనకు ప్రమోషన్ వచ్చింది. అప్పటికి మా నాన్న చేసిన అప్పు ఇంకా తీరలేదు.

నల్లమల కుర్రాడు
అన్నా, చాలా బాధేసింది.

పాత సిపాయి
కంప్యూటర్ పనిని చావుతో పోలుస్తున్నావా? ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది. నాకు చెప్పొద్దు ఈ పోలికలు.

నేనూ పాత యూనిట్‌లో ఖాళీ నింపడానికి వెళ్ళినవాణ్ణి. శిక్షణ అవగానే నలుగురిని ఒక పాత యూనిట్‌కు పంపారు, ఎత్తు కొండల్లో. వాళ్ళ భాష మాకు రాదు, మా భాష వాళ్ళకు రాదు. మూడు నెలలు నా పేరు ఎవరికీ తెలియదు. ‘మద్రాసీ’ అనేవాళ్ళు. మాతో వచ్చిన ఒకడు మంచు కింద పడిపోతే సాయంత్రం లెక్కపెట్టేదాకా ఎవరూ గమనించలేదు. వాడి ఊరిపేరు ఉత్తరం రాయడానికి నన్ను అడిగారు. మీరు చెప్పే ‘పక్కన అనుభవం ఉన్నవాడు’ ఇలా ఉంటాడు.

ఒకే ఊరి మనుషులు, ఒకే మాట మాట్లాడేవాళ్ళు కలిసి ఉంటే ఒకడు పడితే ఇంకొకడు లాగుతాడు. 27వ కోర్‌లో 53వ డివిజన్ సాక్సన్లది, 54వది వుర్టెంబర్గ్ వాళ్ళది. కావాలనే అలా కట్టారు. అదే ఈప్ర్ దగ్గర మన భారత సైన్యపు లాహోర్ డివిజన్‌ను బ్రిటిష్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? అందులోని వైల్డ్స్ రైఫిల్స్, 129వ బలూచీలు అనే పదాతి దళాలను కంపెనీలుగా ముక్కలు చేసి, ముఖం తెలియని అశ్విక దళాల మధ్య పంచారు. హోలెబెకెలో ఖుదాదాద్ ఖాన్ తన తోటి గన్నర్లంతా పోయినా మిషన్‌గన్ వదల్లేదు, విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ ముక్కలు చేసినవాణ్ణి ఎవరూ ప్రశ్నించలేదు. నీ ఖాళీలు నింపడం అంటే అదే.

వేదిక నిర్వాహకులు
సిపాయి గారూ, దయచేసి ‘నువ్వు’ వద్దు. ఇద్దరూ కాసేపు ఆగి రాయండి.

భీమిలి టీచరమ్మ
ఇప్పటిదాకా చదివాను. ఒకటి అడుగుతాను. జర్మన్లే తరువాత ఏం చేశారు? 1914 చివర మళ్ళీ కొత్త రిజర్వ్ కోర్‌లు కట్టారు, 38 నుంచి 41 వరకు. 75 నుంచి 82 దాకా డివిజన్లు. డివిజన్‌కు నాలుగు రెజిమెంట్లకు బదులు మూడే. ఈసారి యుద్ధం చూసి వచ్చినవాళ్ళను ఎక్కువగా కలిపారు. 1915 ఫిబ్రవరిలో తూర్పున రష్యన్ల మీద మసూరియా మంచులో 38, 39, 40 కోర్‌లు పోరాడాయి, మే నెలలో గోర్లిట్సె దగ్గర 41వది. ఫ్లాండర్స్‌లో జరిగినట్టు జరగలేదు.

కృష్ణాతీరం
నేను మొదటినుంచి అంటున్నది ఇదే కదా మేడం. పాతవాళ్ళను కలిపితే నిలబడ్డారు.

పాత సిపాయి
కొత్త కోర్‌లే కట్టారు, టీచర్ గారు చెప్పారు చూడండి. ఖాళీలు నింపడానికి పంపలేదు.

మ్యూనిక్ వాసి
గోర్లిట్సెలో అవతల ఉన్నది బ్రిటిష్ వృత్తి సైనికులు కాదు, గుళ్ళు కూడా చాలని రష్యన్ సైన్యం. పోలిక సరిపోదు.

భీమిలి టీచరమ్మ
సరే. కానీ మీ ఇద్దరూ కోర్ గురించి మాట్లాడుతున్నట్టు నాకు అనిపించడం లేదు.

కృష్ణాతీరం
నిజమే మేడం. నా గొడవ రెజిమెంట్ల సంఖ్య మీద కాదు. అక్టోబరు చివర బెల్జియన్లు సముద్ర తీరంలోని నీవ్‌పోర్ట్ తూముల తలుపులు తెరిచి పొలాల్లోకి సముద్రపు నీళ్ళు వదిలారు. 22వ కోర్ ఈజర్ దాటి వెనక్కి రావాల్సి వచ్చింది. దారి మూసుకుపోయిందని ఆనాడే తెలిసింది. అయినా నవంబరులో మళ్ళీ వాళ్ళనే తోశారు. తోసిన మరునాడు పాట పాడారని ప్రకటన రాశారు. తప్పు చేసినవాడే ఆ తప్పుకు అందమైన పేరు పెట్టాడు. నాకు మండేది అక్కడ. మా మేనేజరు కూడా మమ్మల్ని ‘హీరోలు’ అని మెయిల్ పెట్టాడు.

పాత సిపాయి
కృష్ణాతీరం గారూ, మీరన్న ఆ మాటలు రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు, అందుకే తెల్లారగట్ట రాస్తున్నాను. ‘నువ్వు’ అన్నందుకు క్షమించండి.

మీరు ఆర్డరు ఇచ్చినవాణ్ణి చూస్తున్నారు, నేను నడిచినవాళ్ళను చూస్తున్నాను. వాళ్ళను ‘తోలారు’ అన్నారు మొదటి పోస్టులో. ఆ మాట నాకు గుచ్చుకుంది. పశువులను తోలుతారు. వాళ్ళలో చాలామంది తమంతట తాము వచ్చి పేరు రాయించుకున్నారు. మంచు కింద పోయిన మావాడూ అంతే. ఆర్డరు తప్పని మీరు నిరూపిస్తే వాడు చేసింది కూడా ఏమీ లేదన్నట్టు అవుతుందని నా భయం. నేను ఒప్పుకోలేనిది అది.

కృష్ణాతీరం
‘తోలారు’ అన్నది వెనక్కి తీసుకుంటాను. కానీ సర్, ఆర్డరు తప్పని చెప్పకపోతే వాడి తరువాతివాణ్ణి కూడా అలాగే పంపుతారు. ఈ విషయంలో నేను మారను.

మ్యూనిక్ వాసి
లాంగెమార్క్ జర్మన్ శ్మశానానికి రెండేళ్ల క్రితం వెళ్ళాను. దాదాపు 44 వేల మంది అక్కడున్నారు. అందులో సుమారు 25 వేల మంది ఒకే సమాధిలో. దాన్ని ఇప్పటికీ ‘విద్యార్థుల శ్మశానం’ అనే అంటారు. అందుకే ఆ ఒక్క మాట మీద అంత పట్టుబట్టాను.

నల్లమల కుర్రాడు
సిపాయి సర్, ఒక్క ప్రశ్న. వంటబండ్లు లేకపోతే వాళ్ళు ఏం తిన్నారు?

పాత సిపాయి
ఎవరి గిన్నెలో వాళ్ళు, దొరికిన చోట దొరికింది వండుకోవాలి తమ్ముడూ. పొగ పెడితే ఫిరంగి గుండు వచ్చి పడుతుంది, పెట్టకపోతే పచ్చిదే నమలాలి. అక్టోబరు చివరి ఫ్లాండర్స్, వాన, బురద. కృష్ణాతీరం గారూ, కొత్త కోర్ కట్టడం సరైనదేనని ఇప్పటికీ అంటాను. వంటబండి లేకుండా పంపినవాణ్ణి మాత్రం నేను సమర్థించను.