అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ: నాలుగో చాప్టర్‌లో ఇంకా మూడు ట్రెజర్లు దొరకలేదు, మీరైతే ఎలా వెతుకుతారు?

మారతహళ్ళి_మూడో_అంతస్తు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో, మారతహళ్ళిలో పీజీలో ఉంటాను. మా బావ పీఎస్5 కొనుక్కుని తన పాత పీఎస్4 గేమ్ కన్సోల్ నాకిచ్చేశాడు, దాంతోపాటు వచ్చిన గేమ్ డిస్కుల్లో ఈ లాస్ట్ లెగసీ ఒకటి. చిన్నప్పుడు క్రికెట్ గేములు, కార్ గేములు ఆడాను గానీ కథ ఉన్న గేమ్‌లో ఇంతగా మునిగిపోవడం ఇదే మొదటిసారి. ఇందులో హీరోయిన్లు క్లోయీ, నడీన్ ఇద్దరూ జీపులో పోతూ మాట్లాడుకుంటుంటే పక్క సీట్లో నేనూ కూర్చున్నట్టే ఉంటుంది.

విషయం ఏంటంటే నాలుగో చాప్టర్, వెస్టర్న్ ఘాట్స్. జీపు వేసుకుని ఎటైనా తిరగొచ్చు కదా, అక్కడ ఆగిపోయాను. ఈ చాప్టర్‌లో సేకరించాల్సిన హొయసల టోకెన్లు 11 దొరికాయి, వాటితో క్వీన్స్ రూబీ అనే బ్రేస్‌లెట్ కూడా వచ్చింది. ట్రెజర్, అంటే గేమ్‌లో దాచిపెట్టిన చిన్న నిధి, దగ్గర్లో ఉంటే అది చెప్తుందన్నారు. కానీ నాలుగు రాత్రులు, రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా, మ్యాప్ మొత్తం తిరిగినా లెక్కలో ఇంకా మూడు తక్కువే చూపిస్తోంది. నాకైతే బ్రేస్‌లెట్ ఒక్కసారి కూడా ఏమీ చెప్పలేదు.

వీడియో పెట్టుకుని చూస్తే పది నిమిషాల్లో అయిపోతుందని తెలుసు. మొదటి గేమ్ కాబట్టి నా అంతట నేనే వెతుక్కోవాలని ఉంది. ఎక్కడున్నాయో చెప్పొద్దు, ఎలా వెతకాలో చెప్పండి చాలు. ఇంకో మాట, ఇవి దొరికేదాకా కథ ఆపాలా, ముందుకు వెళ్ళిపోతే మళ్ళీ వెనక్కి రాలేనా? అదొక టెన్షన్.

రెండో_రౌండ్

ముందు చివరి ప్రశ్నకి జవాబు చెప్తాను తమ్ముడూ, ఎందుకంటే అసలు ఇబ్బంది అక్కడే ఉంది. కథ ఆపొద్దు. ఈ చాప్టర్ దాటాక మామూలుగా వెనక్కి రాలేవు, నిజమే, కానీ మెయిన్ మెనూలో చాప్టర్ సెలెక్ట్ ఉంది, ఎప్పుడైనా అక్కడి నుంచి ఈ చాప్టర్‌లోకి రావచ్చు. నాలుగు రాత్రులు కథ ఆగిపోయిందంటే క్లోయీ ఎందుకు వచ్చింది, కథలో వాళ్ళు వెతికే ఆ వినాయకుడి దంతం ఎవరికి కావాలి, ఇవన్నీ చల్లారిపోతాయి. ఈ గేమ్‌లో మంచి భాగం ఇంకా నీ ముందే ఉంది, దాన్ని పోగొట్టుకోకు.

ఇక వెతకడం సంగతి. నేను ఈ సిరీస్ మొదటి గేమ్ నుంచీ ఆడుతున్నాను, అది 2007లో వచ్చింది, అందులో 60 ట్రెజర్లు, పైన స్ట్రేంజ్ రెలిక్ అని ఒకటి. ఆ రెలిక్ ఇదే కంపెనీ అంతకుముందు చేసిన జాక్ అండ్ డాక్స్టర్ గేమ్‌లోని వస్తువు, పాత అభిమానులు గుర్తుపట్టాలని పెట్టారు. రెండో గేమ్‌లో ట్రెజర్లు 100 అయ్యాయి. అప్పట్లో బ్రేస్‌లెట్ లాంటిదేమీ లేదు, ఆగి ఆగి మెరిసే ఆ చిన్న మెరుపు ఒక్కటే ఆధారం. అలా వెతికి వెతికి నాకు అర్థమైంది ఒకటే: గేమ్ నిన్ను ఎటు చూడమంటోందో ముందు కనిపెట్టు, తర్వాత దానికి వ్యతిరేక దిక్కు చూడు. కొత్త చోటులోకి రాగానే వెలుగు, దారి, ఎక్కే అంచులు అన్నీ ఒకవైపే లాగుతాయి. కథకి కావాల్సింది అటు ఉంటుంది. ట్రెజర్ పెట్టేవాడు నువ్వు అటు పరుగెత్తుతావని తెలిసే పెడతాడు, అందుకే ఎక్కువసార్లు అది నువ్వు లోపలికి వచ్చిన గుమ్మం పక్కనే, నీ వీపు వెనకే ఉంటుంది.

రెండోది, జీపు దిగు. జీపులో నుంచి వెతకడమంటే బస్సు కిటికీలోంచి నేలమీద పడిన చెవిదుద్దు వెతకడమే. ఎక్కడ కూలిన గోడ కనిపించినా ఆపి, దిగి, దాని చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరుగు, పైన ఎక్కడానికి అంచు ఉందేమో చూడు, పక్కన నీళ్ళుంటే దిగు. శత్రువులు ఉన్న చోటైతే వాళ్ళ పని అయ్యాక మళ్ళీ ఒకసారి నెమ్మదిగా నడువు, పోరాటంలో ఉన్నప్పుడు నేలవైపు ఎవరూ చూడరు.

టోకెన్లు ముందు పూర్తి చేసి బ్రేస్‌లెట్ తీసుకున్నావు, మంచి పని చేశావు, చాలామంది రెండూ కలిపి వెతికి అలసిపోతారు. కానీ అది ఒక్కసారి కూడా ఏమీ చెప్పలేదంటున్నావే, అది నాకు నమ్మబుద్ధి కావడం లేదు. సౌండ్ పెట్టుకునే ఆడుతున్నావా?

మారతహళ్ళి_మూడో_అంతస్తు

లేదన్నా. రూమ్మేట్‌కి పొద్దున ఐదున్నరకే క్యాబ్ వస్తుంది, తను పదింటికల్లా పడుకుంటాడు. టీవీ మ్యూట్‌లో పెట్టి సబ్‌టైటిల్స్ చదువుకుంటూ ఆడుతున్నాను, మొదటి రోజు నుంచీ అంతే. దీనికీ దానికీ సంబంధం ఉంటుందని అనుకోలేదు.

హెడ్‌సెట్_ఉంటే_చాలు

సంబంధమంతా అక్కడే ఉంది తమ్ముడూ! బ్రేస్‌లెట్ మోగుతుంది. గాజులు కదిలినట్టు సన్నగా గలగలమంటుంది, చేతి మీద చిన్న మెరుపు కూడా ఉంటుంది గానీ పట్టపగటి వెలుగులో, పచ్చటి గడ్డిలో అది కంటికి ఆనదు. నువ్వు నాలుగు రాత్రులు దాని నోరు మూసేసి వెతికావు.

రూమ్మేట్ నిద్ర చెడకుండా చేసే పని చెప్తాను. కంట్రోలర్ కింది భాగంలో, నీ రెండు చేతుల మధ్య, చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది చూడు, మామూలు 3.5 ఎంఎం జాక్. ఫోన్‌తో వచ్చే వైరు ఇయర్‌ఫోన్ అందులో పెడితే చాలు. అయితే పెట్టగానే గేమ్ శబ్దం రాకపోవచ్చు, ఫ్రెండ్స్ మాటలు మాత్రమే వచ్చేలా ఉంటుంది. సెట్టింగ్స్‌లో డివైసెస్, అందులో ఆడియో డివైసెస్, అందులో అవుట్‌పుట్ టు హెడ్‌ఫోన్స్ అని ఉన్నచోట ఆల్ ఆడియో ఎంచుకో. అంతే, టీవీ మూగగా ఉంటుంది, నీ చెవిలో అడవి మొత్తం వినిపిస్తుంది. వైరు ఇయర్‌ఫోన్ లేకపోతే ఎస్పీ రోడ్‌లో ఏ షాపులో అడిగినా ఇస్తారు, ఖరీదైనది అక్కర్లేదు.

నాకు ఇద్దరు పిల్లలు, వాళ్ళు పడుకున్నాకే ఆడతాను కాబట్టి ఇది నా అనుభవం. శబ్దం లేకుండా ఆడిన గేములన్నీ తర్వాత మళ్ళీ ఆడాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. అందరూ ట్రెజర్ల లెక్కే చూస్తారు గానీ ఈ గేమ్‌లో దాచినవాటిలో నాకు ఇష్టమైనవి మాటలు. నడీన్ దగ్గర నిలబడితే ఒక్కోసారి ట్రయాంగిల్ గుర్తు వస్తుంది, నొక్కితే మాట్లాడుకుంటారు, నొక్కకుండా వెళ్ళిపోతే ఆ మాట ఇక రాదు. క్లోయీ ఫోన్ తీసి ఫొటో తీసే చోట్లు కూడా అంతే. మొదట్లో ఒకరినొకరు నమ్మని ఇద్దరు ఆడవాళ్ళు ఎలా దగ్గరయ్యారో ఆ చిన్న మాటల్లోనే తెలుస్తుంది, క్లోయీ తన తండ్రి గురించి చెప్పేవి వింటే తర్వాత కథ ఇంకా బరువుగా తగులుతుంది. కాబట్టి ఎక్కడికి వెళ్ళినా వెంటనే కదలకుండా కాసేపు నడీన్ పక్కన నిలబడు.

వైట్‌ఫీల్డ్_నైట్‌షిఫ్ట్

బ్రో, వీడియో వద్దన్నావే, ఆ ఒక్క విషయంలో నీతో ఒప్పుకోను. గైడ్ చూడటం తప్పేమీ కాదు. వారంలో నాకు ఆడటానికి దొరికేది నాలుగు గంటలు, ఆ నాలుగూ ఒకే గోడ చుట్టూ తిరగడానికి పోతే గేమ్ మీదే విసుగొస్తుంది. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ గేమ్‌లో వెతికి పట్టుకోవాల్సిన ఓడిన్ కాకులు 51 ఉంటాయి, నేను పట్టుదలగా ఒక్కడినే వెతికి నలభై దాటాక రెండు నెలలు గేమ్ ముట్టుకోలేదు. తర్వాత తెలిసింది, ఆ గేమ్ మ్యాప్‌లో ఏ ప్రాంతంలో ఎన్ని కాకులు మిగిలాయో విడివిడిగా చూపిస్తుందని. అది చూసుకుని మిగిలిన ప్రాంతాలకే వెళ్ళి, చెవి పెట్టి కాకి అరుపు విని, దొరకని మూడింటికి మాత్రం వీడియో చూశాను. మనసు నిండిపోయింది, మోసం చేసిన భావనేమీ రాలేదు.

నువ్వు కూడా అలాగే చెయ్యి బ్రో. హెడ్‌సెట్ పెట్టుకుని ఒక రౌండ్ తిరుగు. అయినా దొరకకపోతే మొత్తం వీడియో చూడొద్దు, లిస్టులో ఖాళీగా ఉన్న దాని ముందు ఏది ఉందో, తర్వాత ఏది ఉందో చూడు. ఆ రెండూ నీకు ఎక్కడ దొరికాయో గుర్తు తెచ్చుకుంటే మధ్యది ఏ చుట్టుపక్కల ఉంటుందో చాలాసార్లు తెలిసిపోతుంది.

రెండో_రౌండ్

లిస్టు మధ్యలో ఖాళీ చూడమన్నది చాలా మంచి మాట, నేను చెప్పడం మర్చిపోయాను. గైడ్ విషయంలో మాత్రం మొదటి గేమ్ కదా, కుర్రవాడు తనే వెతుక్కుంటానన్నాడు, వెతుక్కోనిద్దాం.

కళ్యాణి_మెట్టు

ట్రెజర్ల మాట వీళ్ళు బాగా చెప్పారు. నేను వేరే దారి చెప్తాను. బెంగళూరులోనే ఉన్నారు కదా, ఒక శనివారం హళేబీడు వెళ్ళి రండి. హాసన్ మీదుగా రెండొందల కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ, పొద్దున్నే బయల్దేరితే బేలూరు కూడా చూసి రాత్రికి వచ్చేయొచ్చు, రెండింటి మధ్య పదహారు కిలోమీటర్లే. గేమ్‌లో ఈ పేర్లన్నీ కొండల్లో మరుగునపడిన నగరాలుగా ఉంటాయి, అది వాళ్ళ కల్పన. అసలు హళేబీడు హొయసలుల రాజధాని ద్వారసముద్రం, 1311లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ దండెత్తి వచ్చింది అక్కడికే. బేలూరు చెన్నకేశవ ఆలయం 1117లో కట్టారు, గేమ్ వచ్చింది 2017లో, సరిగ్గా తొమ్మిదొందల ఏళ్ళు. 2023లో బేలూరు, హళేబీడు, సోమనాథపుర ఆలయాలు యునెస్కో జాబితాలోకి వచ్చాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాకు వెతకడం నేర్పింది హొయసళేశ్వర ఆలయం గోడ. మొదటిసారి వెళ్ళినప్పుడు నలభై నిమిషాల్లో చూసేశాననుకుని బయటికొచ్చాను. అక్కడ గైడ్‌గా పనిచేసే పెద్దాయన ఒకరు ఇంకో గుంపుకి చెప్తుంటే విన్నాను, ఒక వరుస పట్టుకుని చుట్టూ తిరగండి, తర్వాత ఇంకో వరుస పట్టుకోండి అని. అన్నిటికంటే కింద ఏనుగులు, వాటిపైన సింహాలు, ఆపైన తీగలు, గుర్రపు రౌతులు, ఇంకా పైకెళ్తే రామాయణ, భారత కథలు. నక్షత్రం ఆకారంలో మలుపులు తిరిగే గోడ, ఎదురుగా నిలబడితే కనిపించని బొమ్మ మూల తిరిగాక కనిపిస్తుంది. మళ్ళీ లోపలికెళ్ళి ఏనుగుల వరుస ఒక్కటే పట్టుకుని ఆలయం చుట్టూ నడిచాను. ఒకచోట ఏనుగు తొండం పక్కదాని తోక దగ్గర ఎలా ముడుచుకుందో చూస్తూ నిలబడిపోయాను, దాని ముందు నుంచే పొద్దున ఫొటోలు తీసుకుంటూ వెళ్ళిపోయాను మరి.

గేమ్‌లో కూడా అదే చేస్తాను ఇప్పుడు. ఒక రౌండ్ నేల మాత్రమే, ఒక రౌండ్ పై అంచులు మాత్రమే, ఒక రౌండ్ నీళ్ళు మాత్రమే. అన్నీ ఒకేసారి చూడాలంటే కంటికి ఏదీ ఆనదు.

మారతహళ్ళి_మూడో_అంతస్తు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రెండు రోజులు ఆగి రాస్తున్నాను. హెడ్‌సెట్ అక్క చెప్పినట్టు కంట్రోలర్‌కి ఇయర్‌ఫోన్ పెట్టి ఆల్ ఆడియో చేశాను. మొదట వినిపించింది ట్రెజర్ కాదు, పక్షులు, దూరంగా నీళ్ళ చప్పుడు, జీపు రాళ్ళ మీద ఎక్కుతుంటే కిర్రుమనడం. సబ్‌టైటిల్స్‌లో చదివిన గొంతులు చెవిలో వినేసరికి ఐదు నిమిషాలు జీపు ఆపి ఊరికే కూర్చున్నాను, ఇంతకాలం ఏం పోగొట్టుకున్నానో తెలిసింది.

జీపు దిగి ఏనుగుల వరుస పద్ధతిలో నేల మాత్రమే చూస్తూ నడిచాను. నేను రోజూ జీపు తిప్పుకునే మలుపు ఒకటుంది, అక్కడ సగం కూలిన గోడ, దాని మీద పాకిన తీగలు. అక్కడికి రాగానే గలగలమంది. గోడ ముందంతా వెతికాను, లేదు, శబ్దం మాత్రం ఆగడం లేదు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే గోడకీ బండకీ మధ్య మనిషి పట్టేంత సందు, అందులో మెరుస్తూ ఉంది. నాలుగు రాత్రుల్లో ఆ గోడని కనీసం ఇరవైసార్లు దాటి ఉంటాను. అరవకుండా దిండు నోటికి అడ్డం పెట్టుకున్నాను, రూమ్మేట్ లేవలేదు. రెండోది మర్నాడు పై అంచుల రౌండ్‌లో దొరికింది.

మూడోది ఇంకా లేదు. లిస్టులో దాని ముందుదీ తర్వాతదీ రెండూ నీళ్ళ పక్కన దొరికినవే అని గుర్తొచ్చింది, కాబట్టి అదీ అటే ఉండాలి. కానీ రెండో రౌండ్ అన్న మాట ప్రకారం దాన్ని అక్కడే వదిలేసి నిన్న రాత్రి కథ ముందుకు నడిపాను, ఇప్పుడు ఐదో చాప్టర్‌లో ఉన్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకునే. అయిపోయాక చాప్టర్ సెలెక్ట్‌లో వచ్చి నీళ్ళ రౌండ్ మొదలుపెడతాను.

కళ్యాణి మెట్టు గారూ, హళేబీడుకి వచ్చే నెల రెండో శనివారం వెళ్దామని రూమ్మేట్‌ని అడిగాను, వస్తానన్నాడు. మెజెస్టిక్ నుంచి నేరుగా బస్సు దొరుకుతుందా, హాసన్‌లో దిగి మారడం మేలా?