ఫోనులోనే నక్షత్రాలు కనిపిస్తుంటే నౌబత్ పహాడ్ దాకా ఎందుకు?

ప్రశ్న (నల్గొండ జిల్లా, ఉపాధ్యాయిని):
డిసెంబరులో మా తొమ్మిదో తరగతి పిల్లలు నలభై ఇద్దరిని హైదరాబాదులో నౌబత్ పహాడ్ గుట్ట మీదున్న బిర్లా ప్లానెటేరియానికి (గుమ్మటం లోపల ఆకాశాన్ని చూపే చోటు) తీసుకెళ్దామనుకుంటున్నాను. బస్సు ఖర్చు చూసి మా హెడ్మాస్టరు గారు "ఫోను ఆకాశం వైపు ఎత్తితే నక్షత్రం పేరు అదే చెబుతుంది కదమ్మా" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. పిల్లలతో వెళ్లివచ్చినవారు చెప్పగలరా?

జవాబు (విశ్రాంత లెక్కల మాస్టారు):
అమ్మా, అది 1985లో తెరిచిన కొత్తలోనే వెళ్లాను. ఆ తరువాత పిల్లలతో ఎన్నిసార్లో. మీ హెడ్మాస్టరు గారిని ఒకటి అడగండి: రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం ఎక్కడుంటుంది? మా నాన్న కార్తెలన్నీ వేళ్ల మీద చెప్పేవాడు, ఇది మాత్రం చెప్పలేకపోయాడు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరున్న రోజులు. రోళ్లు పగిలే ఆ ఎండలో రోహిణి పట్టపగలు సూర్యుడి పక్కనే ఉంటుంది, కనబడదు. చూడాలంటే పగటి వెలుగును ఆర్పాలి. సంపూర్ణ గ్రహణం ఒక్కటే ఆ పని చేస్తుంది, మీ జిల్లాలో అది 1980 ఫిబ్రవరి 16 తరువాత మళ్లీ రాలేదు. గుమ్మటం కింద అయితే ఒక మీట చాలు.

జవాబు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి):
మాస్టారూ, పగటి నక్షత్రాలను యాప్ కూడా చూపిస్తుంది. పైగా ఇప్పటి ప్రదర్శనలు చాలాచోట్ల సినిమాల్లా మారాయి. రాకెట్ ఎక్కించి గ్రహాలు తిప్పుతారు, మన ఊరి ఆకాశం రెండు నిమిషాలే.

జవాబు (లెక్కల మాస్టారు):
సినిమా సంగతి ఒప్పుకుంటాను, నాకూ అదే కోపం. కానీ అరచేతి తెరలో ఎత్తు తెలియదు బాబూ. ధ్రువనక్షత్రం నడినెత్తిన ఉంటుందనే మా పిల్లలందరి నమ్మకం. లోపల చెయ్యి చాపి పిడికిలి బిగించమన్నాను. ఆ వెడల్పు సుమారు 10 డిగ్రీలు. హైదరాబాదులో ధ్రువుడి ఎత్తు 17 డిగ్రీలే, అంటే దిగంతం నుంచి రెండు పిడికిళ్లు కూడా లేదు. చీకట్లో అన్ని చేతులూ ఒకేసారి లేచాయి. వెనక వరుసలో ఒకడు "ఇంత కిందనా!" అని గట్టిగా అరిచాడు, పక్కవాళ్లు కసురుకున్నారు.
మరొక మాట, మేడమ్: వెనక వరుసల్లోనే కూర్చోబెట్టండి, మెడలు పట్టేయవు.

జవాబు (ఉపాధ్యాయిని):
పిడికిలి కొలత రేపే చేయిస్తాను. తిరుగు ప్రయాణంలో ఊరి వెలుగులు దాటాక బస్సు ఆపి అరుంధతిని చూపించవచ్చా?

జవాబు (లెక్కల మాస్టారు):
అరుంధతి ఉండేది సప్తర్షుల్లో, డిసెంబరు సాయంత్రం వాళ్లు ఉండరమ్మా, అర్ధరాత్రి దాటాలి. ఎనిమిదింటికి తూర్పున పిల్లలకోడి (కృత్తికల గుంపు), దాని కింద ఎర్రగా రోహిణి ఉంటాయి. అమావాస్యకు దగ్గరి రోజు చూసుకోండి. డ్రైవరుకు హెడ్‌లైట్లు ఆర్పమని ముందే చెప్పండి.