పంది నాలుక పట్టి చూసి, కొనకుండా వెళ్ళిపోయాడు. ఎందుకు?

ప్రశ్న:
జాంబియాలో కటేటే దగ్గర బోర్లు వేసే పని నాది. మొన్న మా వాచ్‌మన్ ఇంటికి పందిని కొనడానికి ఒకాయన వచ్చాడు. దాన్ని పడేసి, దవడల మధ్య కర్ర అడ్డం పెట్టి, గుడ్డతో నాలుక బయటికి లాగి, అడుగున వేలితో తడిమాడు. వద్దని వెళ్ళిపోయాడు. నేనూ వంగి చూశాను. ఉడికిన సగ్గుబియ్యంలా మూడు తెల్లటి గుండ్లు. సాయంత్రానికి ఆ పందినే ఇంటి దగ్గర కోసి తక్కువకి అమ్మేశారు. వాచ్‌మన్ పెద్దకొడుక్కి రెండేళ్ళుగా ఫిట్స్. దీనికీ దానికీ సంబంధం ఉందా? నేను మాంసం ముట్టను గానీ, మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. నాకేం ఫర్వాలేదు కదా?

జవాబు 1:
తిననప్పుడు టెన్షన్ ఎందుకు బ్రదర్!

జవాబు 2:
పై మాట నమ్మకండి. నేను పశువుల డాక్టర్ని, అక్కడే జాంబియాలో, పెటౌకే వైపు మూడేళ్ళు పనిచేశాను. మీరు చూసింది బద్దెపురుగు పిల్లదశ. ఆ మాంసం సరిగా ఉడక్కుండా తిన్నవాళ్ళ పేగులో మీటర్ల పొడవు పురుగు పెరుగుతుంది. పెద్దగా బాధ ఉండదు, అదే చిక్కు. వాళ్ళ మలంలో వేల గుడ్లు పోతుంటాయి. ఆ మలం తిన్న పందికి కండలో గుండ్లు కడతాయి. ఆ గుడ్లే కడగని చేతుల నుంచి మన నోట్లో పడితే మెదడులో గుండ్లు కట్టి ఫిట్స్ రావచ్చు. అందుకే మన దగ్గర శాకాహారులకూ వస్తోంది. ఈ పురుగు పాతుకుపోయిన చోట్ల మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతం దీనివల్లేనని డబ్ల్యూహెచ్ఓ లెక్క.

అక్కడ వానాకాలం పంట ఉన్నన్నాళ్ళే పందుల్ని కట్టేస్తారు. మొక్కజొన్న కోత అయ్యాక వదిలేస్తారు. పొదల చాటుకి వెళ్ళే మనిషి వెనకే పంది నడవడం నేను చూశాను. మరుగుదొడ్డి ఉన్నా తలుపుండదు, పంది దూరుతుంది. ఇంట్లో కోసిన మాంసాన్ని తనిఖీ చేసేవాడు లేడు. బేరం పోయిందని పందిని పూడ్చిపెట్టరుగా, పిల్లల చదువు ఖర్చుల డబ్బు అది! ఇంకోటి, గుండ్లు తక్కువుంటే నాలుక తడిమినా దొరకవు.

అబ్బాయి ఫిట్స్ ఇదేనా అన్నది స్కాన్‌లో తేలాలి. స్కాన్ తీయకుండా, ఈ పురుగుకి ఇచ్చే ప్రాజిక్వాంటెల్ మాత్ర మాత్రం వేయనివ్వకండి. మెదడులో గుండ్లుంటే ఫిట్స్ పెరగొచ్చు. ఇంట్లో అందరికీ మల పరీక్ష చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ సర్. ఇవాళ మొహమాటపడుతూనే అడిగాను. మలంలో తెల్లటి నాడా ముక్కల్లాంటివి పడుతున్నాయని వాచ్‌మన్ తల్లి చెప్పింది. నాకు రోజూ ఎన్షిమా (మొక్కజొన్న పిండి సంకటి) ముద్ద చేసి పెట్టేది ఆవిడే.