బటర్‌క్రీమ్ నున్నగా రావట్లేదు: చిల్లులు, గీత, ఉబ్బు

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. 6 అంగుళాల కేకు, మూడు పొరలు, పైన అమెరికన్ బటర్‌క్రీమ్. ఉప్పు లేని వెన్న 250 గ్రాములు, ఐసింగ్ షుగర్ (మెత్తటి చక్కెర పొడి) 500 గ్రాములు, పాలు 2 టేబుల్‌స్పూన్లు, వెనిలా 1 టీస్పూన్. హ్యాండ్ బీటర్‌తో మొదటి నుంచి చివరిదాకా హై స్పీడ్‌లోనే కొడుతున్నాను. రుచికి వంక లేదు, చూపుకే బాగోవట్లేదు. పక్కల నిండా సూదిమొనంత చిల్లులు, చుట్టూతా ఒకే ఎత్తులో ఒక గీత, పై అంచు మీద లేచిన గట్టు. మర్నాటికి పొరలు కలిసే చోట పక్కలు ఉబ్బుతున్నాయి. ఊరు విజయవాడ, వంటగదిలో ఏసీ లేదు. టర్న్‌టేబుల్ (కేకు పెట్టి తిప్పే పీట), ప్లాస్టిక్ స్క్రేపర్ (క్రీమ్ గీకే పలక), పాలెట్ నైఫ్ (క్రీమ్ పూసే మొండి చాకు) ఉన్నాయి. లోపం క్రీమ్‌లో ఉందా, పూయడంలో ఉందా?

వెన్నముద్ద:
రెండింట్లోనూ ఉందండి. చిల్లుల సంగతి ముందు చూద్దాం, దాన్ని ఏ స్క్రేపరూ బాగుచేయలేదు.

హై స్పీడ్ అవసరమయ్యేది వెన్న తెల్లబడడానికి. చక్కెర వేయకముందు వెన్న ఒక్కదాన్నే 5 నిమిషాలు కొడితే చాలు. తర్వాత ఐసింగ్ షుగర్ జల్లించి మూడు దఫాలుగా వేసి, తక్కువ స్పీడ్‌లో కలపాలి. చివరిదాకా హై స్పీడే ఉంచితే పట్టిన గాలంతా బుడగలుగా క్రీమ్‌లోనే ఉండిపోతుంది. స్క్రేపర్ లాగినప్పుడు ఒక్కో బుడగ తెగి ఒక్కో చిల్లు పడుతుంది. స్టాండ్ మిక్సర్ ఉన్నవాళ్లు దాని ప్యాడిల్ (బల్లపరుపు రెక్క) పెట్టి అన్నిటికంటే తక్కువ స్పీడ్‌లో 5 నుంచి 10 నిమిషాలు తిప్పుతారు. ప్యాడిల్ క్రీమ్‌లో పూర్తిగా మునిగి ఉంటే కొత్త గాలి లోపలికి పోదు. హ్యాండ్ బీటర్‌తో ఈ పని కాదు. దాన్ని పక్కన పెట్టి, సిలికాన్ గరిటెతో క్రీమ్‌ని గిన్నె గోడకేసి అదిమి రాస్తూ కలపండి. మొదట్లో గరిటె లాగిన చారలో రంధ్రాలు కనిపిస్తాయి, బుడగలు పగిలే సన్నటి చిటపట కూడా వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగి, చార నున్నగా పడేదాకా వదలొద్దు. అప్పటికీ చిల్లులుంటే నాలుగో వంతు క్రీమ్ విడిగా తీసి, మైక్రోవేవ్‌లో 5–8 సెకన్లు అంచులు కరిగేలా పెట్టి, మిగతా దాంట్లో కలిపేయండి.

ఇంకో మాట. వెన్న గది వేడికి రావాలని రెసిపీల్లో రాసేది చలిదేశాల గదులను దృష్టిలో పెట్టుకుని. కావలసింది 18–20 డిగ్రీలు. మన వేసవిలో ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు కోసి పెడితే 10–15 నిమిషాల్లోనే ఆ స్థితికి వస్తుంది. వేలితో నొక్కితే సొట్ట పడాలి, వెన్న మాత్రం జిడ్డుగా మెరవకూడదు. పాలు కూడా ముందు 1 టేబుల్‌స్పూనే పోసి చూడండి.

స్టీలుస్కేలు:
ఒకే ఎత్తులో గీత పడుతోందంటే స్క్రేపర్ అంచుని గోటితో తడిమి చూడండి. ప్లాస్టిక్ వాటికి చిన్న నొక్కు పడినా చాలు, అది కేకు చుట్టూ గీసుకుంటూ పోతుంది. అంచు బాగానే ఉంటే, దానికి అంటుకున్న కేకు పొడో చక్కెర పలుకో కారణం. ఇంట్లో మిక్సీ పట్టిన చక్కెరతో ఈ బాధ ఎక్కువ. స్టేషనరీ షాపులో దొరికే 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు కొత్తది కొని, సబ్బుతో కడిగి వాడండి. అంకెలు లేని వైపు క్రీమ్‌కి తగలాలి. చవక స్క్రేపర్ల కంటే దీని అంచు చాలా తిన్నగా ఉంటుంది.

స్క్రేపర్ కింది కొసని టర్న్‌టేబుల్ మీద ఆనించి నిటారుగా నిలబెట్టాలి, ముఖం క్రీమ్‌కి 45 డిగ్రీల వాలులో ఉండాలి. ఆ చెయ్యి కదలకూడదు. రెండో చేత్తో టర్న్‌టేబుల్‌ని ఒక పూర్తి చుట్టు ఆపకుండా తిప్పండి. మధ్యలో ఆగిన ప్రతిచోటా నిలువు చార పడుతుంది. చుట్టు అయ్యాక స్క్రేపర్ మీది క్రీమ్‌ని వేరే గిన్నెలోకి తీసేయండి. అందులో కేకు పొడి ఉంటే అసలు క్రీమ్ మొత్తం పాడవుతుంది.

చాలామంది క్రీమ్ పొదుపుగా పూసి, కేకు కనిపించేదాకా గీకేస్తారు. అలా చేస్తే ఎప్పటికీ నున్నగా రాదు. ముందు కావలసినదానికి రెట్టింపు మందాన పట్టించండి, గీకాక సగం మిగలాలి. మీ కొలతలకు 780 గ్రాముల దాకా క్రీమ్ వస్తుంది. పొరల మధ్యకు 220, కేకు పొడి రాలకుండా వేసే మొదటి పల్చటి పూతకు 120, పై పూతకు 350, మిగిలింది గుంటలు పూడ్చడానికి. మొదటి పూత వేశాక 20–30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, వేలికి అంటకుండా గట్టిపడాలి. గుడ్డు లేని కేకు అయితే పొడి ఎక్కువ రాలుతుంది కాబట్టి పొరలను కూడా ముందే చల్లబరచండి.

పై అంచు మీద గట్టు రావడం తప్పు కాదు, పక్కలకు సరిపడా క్రీమ్ పట్టిందనడానికి అదే గుర్తు. 10 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, పాలెట్ నైఫ్‌ని పడుకోబెట్టి బయటి నుంచి మధ్యకు ఒక్క లాగు లాగండి. తుడవండి, మళ్లీ పక్కన ఇంకో లాగు. మధ్య నుంచి బయటికి లాగితే క్రీమ్ పక్కకి జారి అంచు పాడవుతుంది. ఆఖర్న స్కేలుని వేడినీళ్లలో ముంచి, పూర్తిగా తుడిచి, ఒక్క చుట్టు. తడి ఉంటే నీటి చారలు పడతాయి.

ఉప్పుగాలి:
మైక్రోవేవ్ పద్ధతి మాత్రం ఏసీ లేని వంటగదిలో వద్దండీ. మే నెలలో క్రీమ్ అప్పటికే జారుతుంటుంది, ఇంకా కరిగిస్తే ఏమీ మిగలదు. గిన్నెని 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి గరిటెతో రాయడమే మేలు. 250 గ్రాముల వెన్నలో 60 గ్రాములు తీసేసి బేకరీ షార్టెనింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) వేస్తే పూత ఇంకాస్త సేపు నిలుస్తుంది. అంతకు మించితే నాలుక మీద జిడ్డు పొర మిగులుతుంది.

ఉబ్బు రెండు రకాలు. పొరలు కలిసే చోట కేకు చుట్టూ నడికట్టు కట్టినట్టుంటే, పై బరువుకి లోపలి క్రీమో జామో బయటికి నెట్టుకొస్తోందని. కొంచెం క్రీమ్‌లో ఒకటి రెండు టేబుల్‌స్పూన్ల ఐసింగ్ షుగర్ ఎక్కువ వేసి గట్టిగా చేసి, ప్రతి పొర అంచు చుట్టూ పైపింగ్ బ్యాగుతో కట్ట వేయండి. మెత్తటిది ఏదున్నా దాని లోపలే ఉండాలి. పొరలన్నీ పేర్చాక, మొదటి పూతకు ముందే, పైన తేలికపాటి పళ్లెం బోర్లించి ఓ గంట దిగనివ్వండి. అలా కాకుండా ఒక్కచోట బొబ్బలా గుండ్రంగా లేస్తే అది గాలి. కేకుకీ పూతకీ మధ్య చిక్కిన చల్లటి గాలి, కేకు బయటికొచ్చి వేడెక్కాక వ్యాకోచిస్తుంది. టూత్‌పిక్‌తో పొడిచి గాలి వదిలి, వేలితో అద్ది, పాలెట్ నైఫ్‌తో సరిచేస్తే చాలు. మళ్లీ రాకూడదంటే మొదటి పూతను అదిమి రాయాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన కేకు మీద చెమట పడితే తుడవకండి, వేలిముద్రలు పడతాయి. మూసిన డబ్బాలోనే గది వేడికి రానిస్తే తేమ డబ్బా మీదే పడుతుంది.

కృష్ణాతీరం:
చాలా థాంక్సండీ, స్క్రేపర్‌కి నిజంగానే నొక్కు ఉంది. స్విస్ మెరింగ్ బటర్‌క్రీమ్ (తెల్లసొన, చక్కెర వేడిచేసి కొట్టి వెన్న కలిపేది) అయితే ఇంకా నున్నగా వస్తుందంటారు, మా వేడికి ఆగుతుందా? ఇంకోటి, వెన్న పసుపు ఎలా తగ్గించాలి?

వెన్నముద్ద:
నున్నగా వస్తుంది, వేడికి మాత్రం ఎక్కువేమీ ఆగదు. అందులో సగానికి పైగా వెన్నే. తెల్లసొన 120 గ్రాములు, చక్కెర 200, వెన్న 340. తెల్లసొననీ చక్కెరనీ వేడినీళ్ల గిన్నె మీద కలుపుతూ 71 డిగ్రీలకు తెచ్చి, గిన్నె పూర్తిగా చల్లారేదాకా కొట్టి, అప్పుడు వెన్న ముక్కముక్కగా వేయాలి. విరిగినట్టు కనిపిస్తే పారేయకండి, కొడుతూ ఉంటే కలుస్తుంది. పల్చగా జారితే 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టండి.

మీకు అమెరికన్ రకమే నయం. దాని మీద చక్కెర పొర కడుతుంది, స్విస్ రకానికి కట్టదు. పూశాక ఫ్యాన్ కింద 15–20 నిమిషాలు ఉంచి, తడి లేని వేలికి క్రీమ్ అంటకపోతే బటర్‌పేపర్ పరిచి అరచేత్తో తేలిగ్గా రాయండి. మిగిలిన చిన్న గీతలు మాయమవుతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు పొర కట్టదు, ఆ రోజు వేడి స్కేలే దారి.

పసుపు తగ్గాలంటే ఊదా జెల్ రంగు టూత్‌పిక్ కొనకు అంటినంత. కలిపి చూసి, చాలకపోతేనే ఇంకోసారి. ఎక్కువైతే క్రీమ్ బూడిదరంగుకి తిరుగుతుంది.